ఉత్కంఠకు ఒరవడి దిద్దిన హిచ్‌కాక్

విరాటపర్వం కథ వినని తెలుగువాడు అరుదు. చీకటి పడిన తరువాత కీచకుడు సింగారించుకొని నర్తనశాలకు బయలుదేరుతాడు. లోపల కాచుకొని ఉన్నది సైరంధ్రి కాదు, భీముడని మనకు తెలుసు, కీచకునికి తెలియదు. వాడు ఆ నాలుగడుగులు వేసేదాకా మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. కథ నూరుసార్లు విన్నదే అయినా సరే. ఈ కిటుకునే వెండితెర మీద ఒక శాస్త్రం వలె అభ్యసించి, అర్ధ శతాబ్ది కాలం ఆచరించి చూపినవాడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. థ్రిల్లరు చిత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోగోరేవారికి ఆయన జీవితమే మొదటి వాచకం. పుట్టిన ఊరు విడిచి పరదేశంలో కాపురం పెట్టినవాడు కనుక, ప్రవాసులమైన మనకు ఆ జీవితంలో మరికొంత కూడా కనిపిస్తుంది.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13వ తేదీన లండను శివారైన లేటన్‌స్టోన్‌లో జన్మించాడు. తండ్రి విలియం కూరగాయలు, కోళ్ళు అమ్మే వర్తకుడు, తల్లి ఎమ్మా. ముగ్గురు సంతానంలో ఆల్‌ఫ్రెడ్ కడగొట్టువాడు. ఆంగ్లేయులలో అల్పసంఖ్యాకులైన రోమన్ కాథలిక్కుల కుటుంబం అది. ఇంట్లో క్రమశిక్షణ జాస్తి. ఐదారేళ్ళ వయస్సులో ఏదో అల్లరి చేశాడని తండ్రి ఒక చీటీ వ్రాసిచ్చి పోలీసు ఠాణాకు పంపాడట. అక్కడి అధికారి చీటీ చదివి, పిల్లవాణ్ణి కొద్ది నిమిషాలు కొట్లో వేసి తాళం పెట్టాడట. ఈ కథను హిచ్‌కాక్ జీవితమంతా చెబుతూనే వచ్చాడు. చేయని నేరం నెత్తిన పడ్డ మనిషి, వానిని తరుముకు వచ్చే పోలీసులు ఆయన చిత్రాలలో మళ్ళీ మళ్ళీ కనిపించడానికి మూలం ఇక్కడే ఉన్నదని చాలామంది తలుస్తారు.

చదువు జెసూట్ గురువుల బడిలో సాగింది. అక్కడి శిక్షల పద్ధతి గూర్చి కూడా ఆయన తరచు చెప్పేవాడు. దెబ్బలు తప్పవని తెలిసిన తరువాత అవి ఏ వేళకు తినాలన్నది విద్యార్థికే వదిలేవారట. పిల్లలు సహజంగానే సాయంత్రానికి వాయిదా వేసుకొనేవారు. దెబ్బ క్షణకాలం, దాని కోసం కాచుకోవడం దినమంతా. భయమనేది దెబ్బలో లేదు, ఎదురుచూపులో ఉన్నదన్న పాఠం ఆ బాలునికి పుస్తకాలలో దొరికినది కాదు.

1914లో తండ్రి గతించాడు. పదిహేనేళ్ళ ఆల్‌ఫ్రెడ్ టెలిగ్రాఫు తీగలు తయారుచేసే హెన్లీ కంపెనీలో కుదిరాడు. బొమ్మలు వేసే నేర్పు ఉండడం చేత ఆ కంపెనీ ప్రకటనల శాఖకు మారాడు. 1920 ప్రాంతంలో ఒక అమెరికన్ చిత్ర సంస్థ లండనులోని ఇజ్లింగ్టన్‌లో స్టూడియో తెరవగా, ఆ నేర్పుతోనే అందులో ప్రవేశించాడు. అవి మూకీల రోజులు. నటులు చెప్పే మాటలను అట్టల మీద వ్రాసి దృశ్యాల నడుమ చూపేవారు. ఆ అట్టలకు అక్షరాలు, బొమ్మలు కూర్చడమే ఆయన తొలి ఉద్యోగం. మాటల అట్టలు వ్రాసిన ఆ చేయే, తరువాత మాటతో పనిలేని కథనానికి పేరుపొందడం విశేషం.

ఆ మార్పుకు జర్మనీ ప్రయాణం తోడ్పడింది. 1924లో పని మీద బెర్లిను సమీపంలోని స్టూడియోకు వెళ్ళినప్పుడు, అక్కడ మూర్నౌ అనే దర్శకుడు ‘ది లాస్ట్ లాఫ్’ చిత్రం తీయడం కళ్ళారా చూశాడు. ఒక ముసలి ద్వారపాలకుని కథను మాటల అట్టలు దాదాపు లేకుండానే, కెమేరా కదలికతోనూ వెలుగునీడలతోనూ చెప్పిన చిత్రం అది. బొమ్మే భాష కాగలదని హిచ్‌కాక్‌కు రుజువైంది.

ఇజ్లింగ్టన్‌లోనే ఆయనకు ఆల్మా రెవిల్‌తో పరిచయం కలిగింది. ఆమె ఆయన కన్న ఒక్క రోజే చిన్న. సినిమా పనిలో మాత్రం ఆయన కన్న ముందే ప్రవేశించి చిత్రాల కూర్పులో ఆరితేరింది. 1926 డిసెంబరులో వివాహమాడారు. కథా రచనలోనూ, కూర్పులోనూ, నటుల ఎంపికలోనూ ఆమె మాట ఆయనకు తుదితీర్పు. తెర మీద ఆమె పేరు పడిన చిత్రాలు కొన్నే గాని, ఆమె చేయి పడని చిత్రం అరుదు. పెద్ద పేరు వెనుక ఇట్టి చిన్న అక్షరాలు మన ఇళ్ళలో కూడా ఉంటాయి.

1927లో విడుదలైన ‘ది లాడ్జర్’ ఆయనకు తొలి కీర్తి. ఊరిలో వరుస హత్యలు జరుగుతుండగా ఒక అపరిచితుడు మేడమీద గదికి అద్దెకు దిగుతాడు. రాత్రివేళ అతడు అటూ ఇటూ పచారు చేయడం క్రింద ఉన్నవారికి వినిపించాలి. కాని అది మూకీ చిత్రం. హిచ్‌కాక్ దళసరి అద్దంతో నేల వేయించి, దాని మీద నటుణ్ణి నడిపించి, క్రింది నుంచి చిత్రీకరించాడు. చప్పుడు కనిపించింది!

1929లో టాకీ వచ్చింది. ‘బ్లాక్‌మెయిల్’ చిత్రం మూకీగా మొదలై మాటల చిత్రంగా మారింది. నాయిక అన్నీ ఓండ్రా చెక్ యాసలో మాట్లాడేది. డబ్బింగు సౌకర్యం ఇంకా అమరని కాలం కనుక, ఆమె పెదవులు కదుపుతుండగా జోన్ బ్యారీ అనే నటి కెమేరాకు అందనంత దూరంలో నిలబడి మాటలు పలికింది. ఆ చిత్రంలోనే మరొక వింత ఉన్నది. కత్తితో ఒకణ్ణి చంపివచ్చిన నాయిక మరునాడు ఉదయం ఫలహారానికి కూర్చుంటుంది. పొరుగింటావిడ ఆ హత్యను గూర్చి ఊకదంపుడుగా మాట్లాడుతూ ఉంటుంది. క్రమేణా మాటలన్నీ గొణుగుగా మారి, కత్తి అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ స్పష్టంగా వినిపిస్తుంది. నేరం చేసిన మనసు ఏమి వింటుందో అదే ప్రేక్షకునికి వినిపించాడు.

ఆయన సిద్ధాంతాన్ని తేలికగా చెప్పవచ్చును. నలుగురు బల్ల చుట్టూ కూర్చొని కబుర్లాడుతుండగా హఠాత్తుగా బాంబు పేలితే, ప్రేక్షకునికి కొద్ది క్షణాల ఉలికిపాటు. బల్ల క్రింద బాంబు ఉన్నదనీ, అది ఎన్ని గంటలకు పేలుతుందో కూడా ముందే చూపిస్తే, ఆ పనికిమాలిన కబుర్లే ప్రాణాంతకంగా తోస్తాయి. మొదటిది ఆశ్చర్యం, రెండవది ఉత్కంఠ. సమాచారాన్ని దాచిపెట్టడం కన్న ప్రేక్షకునితో పంచుకోవడమే మేలని ఆయన మతం. అపరాధ పరిశోధన నవలలో హంతకుడెవరో చివరిదాకా దాస్తారు. అది బుద్ధికి పని. హిచ్‌కాక్‌కు కావలసినది గుండెకు పని.

ఈ కత్తికి రెండు వైపులా పదునే. 1936 నాటి ‘సాబొటేజ్’ చిత్రంలో ఒక చిన్నపిల్లవాడు, చేతిలో బాంబు ఉన్నదని ఎరుగక, దానిని మోసుకుంటూ ఊరంతా తిరిగి బస్సు ఎక్కుతాడు. మనకు తెలుసు. బాంబు పేలి పిల్లవాడు చనిపోతాడు. ప్రేక్షకులు మండిపడ్డారు. అంతసేపు బిగబట్టించిన తరువాత ఉపశమనం ఇవ్వకపోవడం పొరపాటని హిచ్‌కాక్ తరువాత ఒప్పుకున్నాడు.

మరొక సూత్రానికి ఆయన వాడిన పేరు మాక్‌గఫిన్. పాత్రలన్నీ దేని కోసం పరుగులు తీస్తాయో ఆ వస్తువు అది. ప్రేక్షకునికి దానితో అంత పనిలేదు. 1935 నాటి ‘ది 39 స్టెప్స్’లో విమాన యంత్ర రహస్యం, 1946 నాటి ‘నటోరియస్’లో సారా సీసాలలో దాచిన యురేనియం ఖనిజం అట్టివే. రహస్యం ఏదైతేనేమి, దాని కోసం ఎవరు ఎవరిని మోసగిస్తారన్నదే కథ. ‘నటోరియస్’లో ఒక పెద్ద విందు జరుగుతుంటుంది. మేడ ఎత్తు నుంచి మొదలైన కెమేరా, ఆగకుండా క్రిందికి దిగి, జనం నడుమ నిలబడిన నాయిక గుప్పిట్లోని చిన్న తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఒక్క మాట లేదు, అంతా అర్థమవుతుంది.

1939లో, నిర్మాత సెల్జ్‌నిక్ పిలుపు మీద, భార్యతోనూ పదేళ్ళ కూతురు పెట్రీషియాతోనూ హిచ్‌కాక్ అమెరికా చేరాడు. అక్కడి తొలి చిత్రం ‘రెబెక్కా’కు 1940 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమతి లభించింది. కాని అదే సమయంలో లండను మీద జర్మను బాంబులు పడుతున్నాయి. దేశం ఆపదలో ఉండగా హాలీవుడ్‌లో సుఖంగా ఉన్నారని స్వదేశంలో కొందరు ఆయన వంటివారిని దెప్పిపొడిచారు. 1942 సెప్టెంబరులో తల్లి ఎమ్మా ఇంగ్లండులో కన్నుమూసింది. అప్పుడాయన కాలిఫోర్నియాలో ‘షాడో ఆఫ్ ఎ డౌట్’ చిత్రం తీస్తున్నాడు. అందులో ప్రేమమూర్తి అయిన తల్లి పాత్ర పేరు ఎమ్మా. కొద్ది నెలలకే, 1943 జనవరిలో, అన్న విలియం కూడా గతించాడు. దూరాన ఉన్నవారికి ఇట్టి వార్తలు ఎలా తగులుతాయో ఈ సంచిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

1944లో ఆయన ఇంగ్లండు వచ్చి, ప్రభుత్వం కొరకు ఫ్రెంచి భాషలో రెండు లఘుచిత్రాలు తీశాడు. 1945లో అంతకంటె ఘోరమైన పని ఎదురైంది. మిత్రసేనలు విడిపించిన నాజీ నిర్బంధ శిబిరాలలో తీసిన రీళ్ళను ఒక చిత్రంగా కూర్చడానికి, మిత్రుడు సిడ్నీ బెర్న్‌స్టీన్ ఆయనను సలహాదారుగా పిలిచాడు. ముక్కలు ముక్కలుగా అతికి ప్రేక్షకుణ్ణి ఎలాగైనా నమ్మించవచ్చునని హిచ్‌కాక్‌కు తెలిసినంతగా మరెవరికి తెలుసు? అందుచేతనే ఇక్కడ ఆ కిటుకులు వద్దన్నాడు. అబద్ధమనే అవకాశం ఎవరికీ లేకుండా, కోత లేని పొడవైన దృశ్యాలనే వాడాలని సలహా చెప్పాడు. రాజకీయ కారణాల వలన ఆ చిత్రం మూలపడి, 2014లో గాని పూర్తి రూపంలో వెలుగు చూడలేదు. కల్పిత భయానికి విద్య అవసరం, నిజమైన ఘోరానికి నిజాయితీ అవసరం అనే తేడా ఆయన ఎరుగును.

తరువాతి పదిహేనేళ్ళు ఆయన ప్రతిభకు నడిమధ్యాహ్నం. 1954 నాటి ‘రేర్ విండో’లో కాలు విరిగిన ఫొటోగ్రాఫరు కిటికీ దగ్గర కూర్చొని ఎదుటి ఇళ్ళను గమనిస్తూ ఉంటాడు. మనిషి చూపు, చూసిన దృశ్యం, మళ్ళీ ఆ మనిషి ముఖం — ఈ మూడు ముక్కల వరుసతోనే హత్య కథ నడుస్తుంది. 1958 నాటి ‘వెర్టిగో’లో ఎత్తు చూసి కళ్ళు తిరగడాన్ని, కెమేరా వెనక్కు జరుగుతుండగా కటకం దృశ్యాన్ని ముందుకు లాగే పద్ధతిలో చూపాడు. విడుదలనాడు అంతంత మాత్రంగా ఆడిన ఆ చిత్రాన్ని 2012లో బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ జరిపిన విమర్శకుల ఎన్నికలో అన్నిటికన్న గొప్ప చిత్రంగా ఎంచారు. 1959 నాటి ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో చీకటి సందు అనే పాత ఆచారాన్ని తలక్రిందులు చేశాడు. పట్టపగలు, చెట్టూ చేమా లేని మైదానం, మందు చల్లే ఒక విమానం. దాక్కునే చోటు లేకపోవడమే అక్కడి భయం.

1960 నాటి ‘సైకో’ను దాదాపు ఎనిమిది లక్షల డాలర్లతో, తన టెలివిజన్ బృందంతో, నలుపు తెలుపులలో తీశాడు. కథ సగం కాకముందే నాయికను చంపివేయడం అంతవరకు ఎవరూ తలపెట్టని సాహసం. అందుకే ఆట మొదలైన తరువాత ఎవరినీ హాలులోకి పంపరాదని నియమం పెట్టించాడు. స్నానాల గదిలో జరిగే ఆ హత్య తెర మీద నిమిషం కూడా ఉండదు. తీయడానికి ఏడు దినాలు పట్టింది. కత్తి చూపుతాడు, ఒళ్ళు చూపుతాడు, అరుపు వినిపిస్తాడు. గాయాన్ని మాత్రం ప్రేక్షకుని ఊహకే వదిలాడు. ఆ ఘట్టానికి సంగీతం వద్దని మొదట అన్నవాడే, బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల కీచుధ్వని విని మనసు మార్చుకున్నాడు. 1963 నాటి ‘ది బర్డ్స్’లో మామూలు నేపథ్య సంగీతమే లేదు, యంత్రంతో పుట్టించిన పక్షుల చప్పుళ్ళే ఉన్నాయి.

గొప్పవాని కథలో మచ్చను దాచరాదు. ‘ది బర్డ్స్’ నాయిక టిప్పీ హెడ్రెన్, ఆయన తనను వేధించాడనీ, లొంగనందుకు తన నట జీవితాన్ని అడ్డగించాడనీ 2016లో వెలువడిన ఆత్మకథలో వ్రాసింది. ఆ చిత్రంలో బొమ్మ పక్షులని చెప్పి, రోజుల తరబడి నిజమైన పక్షులను తన మీదికి విసిరించారని కూడా ఆమె చెప్పింది. తెర మీది భయం కొరకు మనిషిని నిజంగా భయపెట్టడం విద్య అనిపించుకోదు. కళను మెచ్చుకొనేవారు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

ఆయన 1955లో అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. ఉత్తమ దర్శకుడుగా అయిదుసార్లు ఆస్కార్ పరిశీలనకు పేరు వెళ్ళినా, ఒక్కసారీ ఆ బహుమతి రాలేదు. 1968లో థాల్‌బర్గ్ స్మారక పురస్కారం మాత్రం ఇచ్చారు. 1972 నాటి ‘ఫ్రెంజీ’ కోసం లండనుకు తిరిగివచ్చి, కోవెంట్ గార్డెన్ కూరగాయల బజారులో చిత్రీకరణ జరిపాడు. కూరగాయల వర్తకుని కొడుకు, ప్రపంచమంతా తిరిగి, తండ్రి వృత్తికి చెందిన వీధిలోనే కెమేరా పెట్టాడు. 1976 నాటి ‘ఫామిలీ ప్లాట్’ ఆయన కడపటి చిత్రం. 1980 నూతన సంవత్సరపు బిరుదుల పట్టికలో ‘సర్’ బిరుదు వచ్చింది. ఏప్రిల్ 29న లాస్ ఏంజిలిస్‌లోని స్వగృహంలో మరణించాడు. ఆల్మా 1982లో ఆయనను అనుసరించింది.

ఏబదికి పైగా చిత్రాలు తీసిన ఈ మనిషి, ధ్వని తీసివేసినా కథ తెలియాలని పట్టుబట్టేవాడు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీనో, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు. వారిని కూర్చోబెట్టుకొని, ఈ పండుగ సెలవులలో ఆయన చిత్రమొకటి చూడండి. నడుమ ఒక పది నిమిషాలు ధ్వని కట్టివేయండి. ఎవరికి ఏమి తెలుసు, ఎవరికి ఏమి తెలియదు, అది మనకు ఏ బొమ్మ చెప్పింది అని వారినే అడగండి. థ్రిల్లరు పాఠం అక్కడే మొదలవుతుంది. తరువాత నర్తనశాల కథ చెప్పండి. కీచకుడు గుమ్మం దాకా వచ్చేసరికి వారే ఊపిరి బిగబడతారు.