బెల్లా షగాల్: పుట్టింటి పండుగలు

మార్క్ షగాల్ చిత్రాలను ఒక్కసారి చూచినవారు కూడా అందులోని స్త్రీమూర్తిని మరచిపోలేరు. నల్లని పెద్ద కన్నులు, నల్లని దుస్తులపై తెల్లని కాలరు, చేతిలో పూలగుత్తి. ఒక చిత్రంలో ఆమె భర్తతో కలిసి ఊరి యిండ్ల కప్పులమీదుగా గాలిలో తేలిపోతూ ఉంటుంది. ఆమె పేరు బెల్లా. ఆ చిత్రాల కీర్తియే ఆమెకు ఒక విధంగా మరుగైంది. చిత్రకారుని యిల్లాలుగా ఆమెను ఎరిగినవారిలో పలువురు ఆమెను రచయిత్రిగా ఎరుగరు. ఆమె వ్రాసినది స్వల్పమే, రెండు చిన్న సంపుటాలు. ఆ రెండూ ఆమె కన్నుమూసిన తరువాతనే అచ్చయినాయి. అయినప్పటికీ ఒక యూదు కుటుంబం తన యింటిలో పండుగలను ఎట్లా జరుపుకొనేదో, ఆ పండుగలలో తల్లి ఏమి చేసేదో, పసిపిల్ల ఏమి చూచేదో తెలిపే రచనలలో వాటికి సాటి వచ్చేవి అరుదు.

బెల్లా రోజెన్‌ఫెల్డ్ 1889లో వితెబ్స్క్ పట్టణంలో జన్మించింది. నేడు బెలారస్ దేశంలో ఉన్న ఆ పట్టణం ఆనాడు రష్యా సామ్రాజ్యంలోనిది. యూదులు నివసించడానికి జారు ప్రభుత్వం హద్దులు గీచి అనుమతించిన పడమటి మండలంలో అది ఒకటి. పశ్చిమ ద్వీనా నది దాని నడుమగా ప్రవహిస్తుంది. 1897 జనాభా లెక్కల నాటికి అక్కడి జనంలో సగానికి మించి యూదులే. తండ్రి ష్మూల్ నోవా హసీదీ సంప్రదాయానికి చెందిన నిష్ఠాపరుడు. ప్రార్థన, గ్రంథపఠనం ఆయనకు ప్రాణం. తల్లి ఆల్టా నేర్పరి. వారికి నగల వ్యాపారం ఉండేది. ఎనిమిదిమంది సంతానంలో బెల్లా కడగొట్టు బిడ్డ.

ఆ యింటికీ దుకాణానికీ నడుమ ఉన్నది ఒక గోడ మాత్రమే. గోడకు ఇవతల వంటయిల్లు, పిల్లలు, పనివారు. అవతల గడియారాలు, వెండి పాత్రలు, కొనవచ్చినవారి రాకపోకలు. తల్లి పగలంతా అవతలనే ఉండేది. బిడ్డకు తల్లి కావాలంటే దుకాణపు తలుపులు మూయాలి. ఆ తలుపులు మూయించగలిగినవి సబ్బాతు దినమూ, పండుగలూ. బెల్లా వ్రాసిన పండుగ కథలన్నిటికీ మూలం ఈ చిన్న సంగతిలో ఉన్నది. పెద్దలకు పండుగ దైవాజ్ఞ. ఆ చిన్నపిల్లకు మాత్రం, తల్లి తాళపుచెవులు ప్రక్కన పెట్టి, మంచి దుస్తులు ధరించి, తనవైపు తిరిగే దినం అది.

అటువంటి దినాలు ఎక్కువగా వచ్చేది శరత్కాలంలో. యూదుల మాసాలు చంద్రుని అనుసరించి నడుస్తాయి. తిష్రీ అనే మాసం సెప్టెంబరు, అక్టోబరు నెలల నడుమ, తెలుగు పంచాంగంలోని ఆశ్వయుజానికి ఇంచుమించు సరిగా వస్తుంది. దాని పాడ్యమి, విదియలు రోష్ హషనా, అనగా సంవత్సరాది. దశమి యోమ్ కిప్పూర్, ప్రాయశ్చిత్త దినం. పూర్ణిమనుండి ఏడు దినాలు సుక్కోత్, పర్ణశాలల పండుగ. ఇరువది మూడవనాడు సిమ్ఖాత్ తోరా; ధర్మగ్రంథమైన తోరా పారాయణాన్ని ఏడాదికొకసారి ముగించి, తిరిగి మొదటినుండి ఆరంభించే ఉత్సవం. మూడు వారాలలో భయం, పశ్చాత్తాపం, కృతజ్ఞత, ఆనందం ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి.

సంవత్సరాదికి నెల ముందునుండే ప్రార్థనాలయంలో ఉదయవేళ షోఫార్ మ్రోగడం మొదలవుతుంది. అది పొట్టేలు కొమ్ముతో చేసిన బాకా. మానవుని నిద్రమత్తు వదలించడానికి దానిని ఊదుతారని పెద్దలు చెబుతారు. సంవత్సరాదినాడు దైవం ఒక గ్రంథం తెరచి, రాబోయే ఏట బ్రతికేవారెవరో, పోయేవారెవరో అందులో లిఖిస్తాడని యూదుల విశ్వాసం. అందువల్ల ఆ పండుగలో సంబరంతోపాటు బెదురు కూడా కలిసి ఉంటుంది. భోజనం బల్లమీద గుండ్రని రొట్టె, తేనెలో ముంచిన ఆపిలు ముక్కలు ఉంటాయి. ఏడు తియ్యగా సాగాలని కోరిక. రెండవ రాత్రి ఆ ఋతువులో అంతవరకు రుచి చూడని క్రొత్త పండు ఒకటి తెస్తారు. పండుగనాటి మధ్యాహ్నం ఊరివారు నది ఒడ్డుకు పోయి, ప్రార్థన చదివి, జేబులు దులిపి తమ పాపాలను నీటిలో విడుస్తారు. వితెబ్స్క్‌లో ఆ నీరు ద్వీనాది.

తరువాతి దినాలు మరింత బరువైనవి. యోమ్ కిప్పూర్ ముందు కోడితో దిగదుడుపు తీసే ఆచారం ఉన్నది. మగవారికి పుంజు, ఆడవారికి పెట్ట. దానిని తల చుట్టూ మూడుమారులు త్రిప్పుతూ మంత్రం చదువుతారు. అటుపిమ్మట ఇంటిలోనివారు ఒకరినొకరు క్షమాపణ వేడుకొంటారు. దైవానికి చేసిన తప్పును దైవం మన్నిస్తాడు గాని, తోడి మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మన్నించాలని యూదుల ధర్మం. కనుక ఆ సాయంకాలం యజమానికీ పనివానికీ, అన్నకూ చెల్లెలికీ మధ్య ఒక్క మాటయినా మిగిలి ఉండరాదు.

బెల్లా తల్లికి ఆనాడు మరొక విధి ఉండేది. ప్రార్థనాలయంలో రాత్రింబవళ్ళు వెలిగే మైనపు దీపాలకు వత్తులు పేనడం. ఒక్కొక్క దారం ఒక్కొక్కరి పేర తీయాలి. భర్త ఆయువు కొరకు ఒకటి, బిడ్డలకు తలా ఒకటి. ఆ తరువాత గతించిన తల్లిదండ్రులకు, బంధువులకు. దారం తీసి పేరు చెప్పేసరికి ఆ తల్లి కన్నులు నిండేవి. దుకాణంలో లెక్కలు తప్పని ఆ గృహిణి, ఇంటివారి బ్రతుకులనూ మరణాలనూ దారపు పోగులలో లెక్కించే ఈ దృశ్యమే బెల్లా రచనలో మరపురానిది. చనిపోయినవారూ బ్రతికియున్నవారూ ఒకే దీపంలో వెలుగుతారని ఆ బాలికకు శాస్త్రం చదివి తెలియలేదు. తల్లి వ్రేళ్ళను చూచి తెలిసింది.

సూర్యాస్తమయానికి ముందే ఆఖరి భోజనం ముగుస్తుంది. తండ్రి బిడ్డల శిరస్సులపై చేయి ఉంచి ఆశీర్వదిస్తాడు. తెల్లని వస్త్రం ధరించి ప్రార్థనాలయానికి పోతాడు. మరణించిననాడు తొడిగేదికూడా అటువంటి వస్త్రమే. ఆపైన ఇరువది నాలుగు గంటలకు పైగా పచ్చి మంచినీరు కూడా ముట్టని ఉపవాసం. స్త్రీలు వేరుగా తమ భాగంలో నిలబడి కన్నీరు కారుస్తూ ప్రార్థిస్తారు. మరునాడు చుక్కలు పొడిచినవేళ షోఫార్ ఒక్కసారి దీర్ఘంగా మ్రోగుతుంది. ఇంటికి వచ్చి ఉపవాసం విడిచిన వెంటనే, ఆ రాత్రియే పర్ణశాలకు మొదటి మేకు కొట్టడం ఆచారం. కన్నీటినుండి కర్రపనికి అంత దగ్గర త్రోవ.

ఆ పర్ణశాలకే సుక్కా అని పేరు. ఈజిప్టు బానిసత్వంనుండి బయటపడిన పూర్వులు ఎడారిలో గుడారాలలో తిరిగినందుకు అది గుర్తు. ఆకుల కప్పు సందులలోనుండి నక్షత్రాలు కనబడాలి. ఉత్తర దేశంలో ఆ కప్పుకు దొరికేది దేవదారు జాతి చెట్ల కొమ్మ. తోరాలో పేర్కొన్న ఖర్జూరపు మొవ్వు, మాదీఫలం ఆ చలిదేశంలో పండవు. మధ్యధరా తీరాలనుండి రావాలి. మాదీఫలాన్ని నారలో చుట్టి, పెట్టెలో పెట్టి, తొడిమ విరగకుండా కాపాడేవారు. తొడిమ విరిగితే పండు పూజకు పనికిరాదు. అక్టోబరు చలిలో, వానతుంపరలో, ఆ పందిరిక్రింద మగవారు భోజనానికి కూర్చునేవారు. స్త్రీలకు అది విధి కాదు. వంటయింటినుండి వేడివేడి పాత్రలు పందిరిలోనికి పోతూ ఉండేవి. అవి కాచి పంపే చేతులు ఇంటిలోనే ఉండిపోయేవి.

బెల్లా దృష్టి ఏర్పడింది ఈ గడప దగ్గరనే. అన్నలు లోపల ఉన్నారు. తాను ఆడపిల్ల; సగం లోపల, సగం బయట. ఆమె రచనలో ఇందుకు నిష్ఠూరం లేదు. అయితే లోపల కూర్చున్నవారికి కనబడనిది గడపలో నిలిచినవారికి కనబడుతుంది. పండితులు పండుగల అర్థాన్ని గురించి ఎన్నో గ్రంథాలు వ్రాశారు. ఆ పందిరిలోనికి పాత్ర అందించిన చేయి ఎవరిదో వ్రాసినవారు తక్కువ. బెల్లా వ్రాసింది ఆ చేతిని గురించి.

చివరి దినమైన సిమ్ఖాత్ తోరాలో లోకమంతా తలక్రిందులైనట్లు ఉంటుంది. ఏడాది పొడుగునా గంభీరంగా ఉండే పెద్దలు తోరా చుట్టలను బిడ్డలవలె ఎత్తుకొని ప్రార్థనాలయంలో ప్రదక్షిణలు చేస్తారు. త్రాగి, పాడి, నృత్యం చేస్తారు. పిల్లలు కాగితపు జెండాలు పట్టుకొని వారి వెంట తిరుగుతారు. మరునాటినుండి దుకాణం తలుపులు మళ్ళీ తెరచుకొంటాయి. తల్లి గోడకు అవతలికి వెళ్ళిపోతుంది.

ఆ చిన్నపిల్ల పెద్దదై రష్యన్ పాఠశాలలో చదివింది. మాస్కో పోయి స్త్రీల ఉన్నత విద్యాలయంలో సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం అభ్యసించింది. నాటకరంగంపై మక్కువ పెంచుకొన్నది. 1909లో షగాల్‌ను కలుసుకొన్నది. అతని తండ్రి హెర్రింగు చేపల గిడ్డంగిలో కూలి. నగల వర్తకుని ఇంటికి ఆ సంబంధం తగినదిగా తోచలేదు. షగాల్ పారిస్ పోయి, 1914లో తిరిగి వచ్చి, యుద్ధంవల్ల స్వదేశంలో చిక్కుకొన్నాడు. 1915 జూలై 25న వారి వివాహం జరిగింది. మరుసటి ఏట కుమార్తె ఇడా జన్మించింది. విప్లవం వచ్చి జారు ప్రభుత్వంతోపాటు రోజెన్‌ఫెల్డ్‌ల వైభవాన్ని కూడా తుడిచివేసింది. 1922లో షగాల్ దంపతులు రష్యా విడిచిపెట్టారు. బెర్లిన్ మీదుగా 1923లో పారిస్ చేరారు. బెల్లా వితెబ్స్క్‌లో మళ్ళీ కాపురం చేయలేదు.

పారిస్‌లో ఆమె భర్తకు తోడుగా, విమర్శకురాలుగా, అనువాదకురాలుగా జీవించింది. 1931లో వెలువడిన షగాల్ ఆత్మకథకు ఫ్రెంచి అనువాదం ఆమెదే. 1935లో ఆ దంపతులు నాటి పోలండులోని విల్నా నగరం చూడబోయారు. అక్కడి యూదుల వీధులలో ఆమెకు చిన్ననాటి మాట, చిన్ననాటి యిల్లు తిరిగి వినిపించినట్లయింది. ఆ సమాజంపై కమ్ముకొంటున్న చీకటి కూడా కనబడింది. 1939లో ఆమె వ్రాయ నారంభించింది. వ్రాసినది చదువుకొన్న రష్యన్‌లో కాదు, సంసారం సాగిన ఫ్రెంచిలోనూ కాదు. పుట్టిల్లు విడిచిన తరువాత అంతగా మాటలాడని యిద్దిష్‌లో. యూదులు దానిని తల్లిభాష అంటారు. వత్తులు పేనుతూ తల్లి చదివిన ప్రార్థన ఆ భాషలోనిదే. వేరొక భాషలో వ్రాసియుంటే ఆమెకు ఇంకా ఎక్కువమంది పాఠకులు దొరికేవారేమో; ఆ తల్లి కంఠస్వరం మాత్రం దొరికేది కాదు.

1941లో నాజీల బారినుండి తప్పించుకొని వారు ఫ్రాన్సు విడిచి, జూన్ మాసంలో న్యూయార్క్ చేరారు. సరిగా ఆ దినాలలోనే జర్మనీ రష్యాపై దండెత్తింది. జూలైలో వితెబ్స్క్ శత్రువుల వశమైంది. తప్పించుకొనలేని యూదులను ఒకచోట నిర్బంధించారు. అక్టోబరు 8న వారిని ఊరి వెలుపలికి తరలించి చంపడం మొదలుపెట్టారు. ఆ యేట యోమ్ కిప్పూర్ అక్టోబరు 1న వచ్చింది. సుక్కోత్ 6న మొదలైంది. పర్ణశాలల పండుగ మూడవనాడు, ఒకప్పుడు పందిళ్ళు వేసికొన్న ఊరిలో, వాటిని వేయవలసినవారిని వరుసలుగా నడిపించుకొని పోయారు. బెల్లా తన పుస్తకంలో ఈ సంహారాన్ని వర్ణించలేదు. ఆమె వ్రాసినది అంతకు ముందరి దీపాలనే. అయినా ఆ వర్ణనల వెనుకనున్న చీకటి ఎరిగి చదివేవారికి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క దారం తీయడమే ఆ పుస్తకంలో జరిగిన పని అని తోచకమానదు. తల్లి వత్తులతో చేసినదానిని కుమార్తె వాక్యాలతో చేసింది.

1944 ఆగస్టు చివర పారిస్‌కు విముక్తి కలిగింది. తిరిగి వెళ్ళే దినం దగ్గరపడిందన్న ఆశ కలిగింది. అంతలో, న్యూయార్క్ రాష్ట్రపు కొండసీమలో విడిది చేసియుండగా, ఆమెకు జబ్బు చేసింది. యుద్ధకాలం కావడంచేత అవసరమైన మందు సకాలంలో దొరకలేదని చెబుతారు. సెప్టెంబరు 2న ఆమె మరణించింది. ఆ యేటి యూదు సంవత్సరాదికి ఇంక పదునైదు దినాలు ఉన్నవి. షగాల్ తన పటాలను గోడవైపు త్రిప్పివేసి నెలల తరబడి కుంచె పట్టలేదు. తరువాత తండ్రీకూతుళ్ళు ఆమె వ్రాతప్రతులను చక్కబెట్టారు. 1945లో షగాల్ గీచిన రేఖాచిత్రాలతో న్యూయార్క్‌లో మొదటి సంపుటం యిద్దిష్‌లో అచ్చయింది. వెలిగే దీపాలు అని దాని పేరుకు అర్థం. రెండవ సంపుటం 1947లో వచ్చింది. అనంతరం ఆ రచన ఇంగ్లీషు, ఫ్రెంచి మొదలైన భాషలలోకి వెళ్ళింది.

షగాల్ చిత్రాలలో వితెబ్స్క్ కప్పులపై తేలే బెల్లా నేలను విడిచిన స్త్రీ. ఆమె స్వంత పుస్తకంలో కనబడే బెల్లా అట్లా కాదు. ఆ పిల్ల నేలమీదనే, తల్లి కొంగుకు దగ్గరగా నిలిచి, వంటయింటికీ పందిరికీ మధ్య ఎవరు ఏమి మోసుకొనిపోయారో చూస్తూ ఉంటుంది. ఆ యింటిలోని నగలు, గడియారాలు, వెండి పాత్రలు ఏవీ మిగలలేదు. శరత్కాలంలో దుకాణం మూసి తల్లి వెలిగించిన దీపాలు మాత్రం, ఆమె మాటలాడిన భాషలోనే, మిగిలినవి.