సర్ ఆర్థరు కాటను

1833వ సంవత్సరపు కఱవులో గోదావరి మండలమున జనులు ఆఁకటఁ జచ్చిరి. 1839లో ఉప్పెన తీరగ్రామములను ముంచెను. నది నీరు మాత్రము వృథాగాఁ గడలిపాలగుచుండెను.

ఇట్టి సీమకు వచ్చిన యింజనీరు కాటనుదొరగారు 1803లో జన్మించిరి. అంతకుముందే తంజావూరిసీమలో చోళుల ప్రాచీనపు టానకట్టను పరిశీలించి, ఇసుకలో రాళ్లు దింపి పునాది నిలుపు విధమును నేర్చియుండిరి. పాలకజాతివారయ్యు మన పూర్వులకు శిష్యులగుట సామాన్యమా!

వారు కోరినది ఆనకట్ట మాత్రమే కాదు. కాలువలు, మురుగునీటి త్రోవలు, వరదగట్లు, పడవలకు లాకులు, బాటలు, ఇవన్నియుఁ గలసియే ఫలించునని డెల్టానంతను ఒక్కటిగా నెంచి ప్రభుత్వమునకు నివేదించిరి. 1847లో ధవళేశ్వరమునఁ బని మొదలై 1852లో ముగిసెను. వీణం వీరన్నగారు వారికిఁ గుడిభుజమై నిలిచిరి.

రైలుమార్గములకంటెఁ గాలువలే మేలని 1878లో పార్లమెంటు సంఘము నెదుట వాదించిరి గాని, ఆ మాట చెల్లలేదు. 1899లో ఇంగ్లండునందు గతించిరి. పాత ఆనకట్టకు బదులుగాఁ గట్టిన బ్యారేజి నేఁడు వారి పేరనే యున్నది.