వ్రేళ్ళతో మాట నేర్చిన చిత్రకారుడు

స్పెయిన్ దేశమున ఆరగాన్ అను సీమ కలదు. అందు వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఆ సీమకు ముఖ్యపట్టణమైన సరగోసాకు కొంత దూరమున ఫ్వెందెతోదోస్ అను చిన్న పల్లె యున్నది. 1746వ సంవత్సరము మార్చి 30వ తేదీన ఆ పల్లెలో ఫ్రాన్సిస్కో గోయా జన్మించెను. తండ్రి హోసే విగ్రహములకును పటముల చట్రములకును బంగారు పూత పూయు పనివాడు. తల్లి గ్రాసియా పేరుండియు కలిమి లేని కుటుంబములో పుట్టినది.

బాలుడు సరగోసాలో చదువుకొనెను. మార్టిన్ సపతేర్ అను బాలునితో ఆ దినములలో కలిగిన స్నేహము, సపతేర్ మరణించువరకు చెక్కుచెదరక నిలిచెను. గోయా ఆ మిత్రునకు వ్రాసిన ఉత్తరములు అనేకము నేటికిని దొరకుచున్నవి. ఆయన హృదయమును మనకు చూపునవి అవియే. పదునాలుగవ యేట గోయా లుసాన్ అను చిత్రకారునికడ శిష్యుడుగా చేరి, పాత చిత్రములకు నకళ్ళు వ్రాయుచు కొన్ని సంవత్సరములు గడపెను. మాడ్రిడ్ నగరములోని సాన్ ఫెర్నాందో కళాపరిషత్తువారు జరిపిన పోటీలలో 1763లో ఒకసారి, 1766లో ఒకసారి పాల్గొని, రెండు పర్యాయములును ఓడిపోయెను. పిమ్మట ఇటలీ దేశము చూచి వచ్చి, 1773లో హోసెఫా బాయెవు అను కన్యను వివాహమాడెను. ఆమె సోదరుడు రాజాస్థాన చిత్రకారుడు. బావమరది సహాయమువలన 1775 మొదలు రాజప్రాసాదముల గోడలకు వ్రేలాడదీయు చిత్రకంబళ్ళకు నమూనాలు వ్రాయు పని గోయాకు దొరకెను. గాలిపటము ఎగురవేయు యువకులు, కళ్ళగంతలాట ఆడు స్త్రీపురుషులు, సంతలు, విందులు, ఎండకు గొడుగు పట్టిన పడుచులు ఆ నమూనాలలో కనబడుదురు. అవి సంతోషముగానున్న మనిషి వ్రాసిన చిత్రములు. 1780లో, తనను రెండుమారులు త్రోసివేసిన పరిషత్తే ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. 1789లో నాలుగవ చార్లెస్ రాజు ఆయనను ఆస్థాన చిత్రకారునిగా నియమించెను.

గోయా ఒంటరిగా కూర్చుండు స్వభావము కలవాడు కాడు. వేటయనిన ఆయనకు ప్రాణము. ఎద్దులపోరు జరుగుచోటికి తప్పక పోవువాడు. జానపదులు పాడుకొను పాటలమీద ఆయనకు మిక్కిలి ప్రీతి. నలుగురిలో కూర్చుండి నవ్వుచు, నవ్వించుచు మాటలాడుట ఆయనకు అన్నము వంటిది. అట్టివానికి వచ్చిన ఆపద యెట్టిదో ఇక చెప్పవలెను.

1792వ సంవత్సరము చివర గోయా దక్షిణదేశమైన ఆండలూసియాకు పోయెను. అక్కడ హఠాత్తుగా జబ్బుపడెను. కాదిజ్ రేవుపట్టణమున సెబాస్టియన్ మార్టినెజ్ అను వర్తకుడు, చిత్రములను సేకరించు రసికుడు, ఆయనను తన ఇంట నుంచుకొని ఉపచారము చేసెను. తల తిరుగుట, చూపు మసకబారుట, కాలు నిలువకుండుట, తలలో ఎడతెగని హోరు, ఇవి ఆ జబ్బు లక్షణములు. 1793 మార్చి మాసమున మార్టినెజ్ సరగోసాలోని సపతేర్‌కు ఉత్తరము వ్రాసి, రోగికి చూపు కొంత నయమైనదనియు, మెట్లు ఎక్కి దిగగలుగుచున్నాడనియు, తలలోని హోరును చెవుడును మాత్రము తగ్గలేదనియు తెలిపెను. అవి ఎన్నడును తగ్గలేదు. ఆ జబ్బు ఏదియో నేటి వైద్యులును ఏకాభిప్రాయమునకు రాలేదు. రంగులలోని సీసపు విషమని కొందరు, మరియొక వ్యాధియని కొందరు ఊహించిరి. గోయాకు అప్పుడు నలువదియాఱేండ్లు. ఇంకను ముప్పదియైదేండ్లు ఆయన నిశ్శబ్దములోనే జీవింపవలసియుండెను.

పుట్టుచెవిటికిని, నడివయస్సున చెవుడు వచ్చినవానికిని గల భేదమును మనము గమనింపవలెను. గోయా నోటి మాట పోలేదు. తాను చెప్పదలచినది చెప్పగలడు. ఎదుటివాడు చెప్పునది మాత్రము తెలియదు. పెదవుల కదలికను బట్టి మాటను పోల్చుకొనుట ఒక ఉపాయమే కాని, అది పూర్తిగా నమ్మదగినది కాదు. మీరు అద్దము ముందు నిలిచి, గొంతు విప్పక, పాట, బాట, మాట అను మూడు మాటలను పలికి చూడుడు. పెదవులలో భేదమేమియు కనబడదు. కాగితముపై వ్రాసి చూపుట మరియొక ఉపాయము. అది నిశ్చయమైనదే. అయినను మందకొడిది. నవ్వించు మాట కాగితము మీదికి వచ్చునప్పటికి చల్లారిపోవును. మూడవ ఉపాయము వ్రేలి అక్షరములు. ఆ విషయమున గోయా ఒక విధముగా అదృష్టవంతుడు. ఏలయన, ఆ విద్యకు పేరుపడిన దేశము ఆయన దేశమే.

వ్రేలి అక్షరముల కథ పెద్దది. మౌనవ్రతము పాటించు క్రైస్తవ మఠములలో సన్యాసులు చేతి సైగలతో పనులు జరుపుకొనెడివారు. 16వ శతాబ్దిలో పెద్రో పోన్సె అను సన్యాసి, వెలాస్కో అను గొప్ప ప్రభువంశమున పుట్టిన చెవిటి బాలురను చేరదీసి వారికి చదువు చెప్పెను. చెవిటివారికి చదువు రాదని లోకము నమ్మిన కాలమది. 1593లో మెల్చోర్ దె యెబ్రా అను మరియొక సన్యాసి రచించిన గ్రంథమున, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క చేతి భంగిమ చొప్పున బొమ్మలు ప్రకటింపబడెను. మరణశయ్యపై మాట పడిపోయినవారు తుదిమాట చెప్పుకొనుటకు అవి ఉపయోగపడునని ఆయన తలంపు. 1620లో హువాన్ పాబ్లో బోనెట్ అను పండితుడు చెవిటివారికి చదువు నేర్పు విధానమును గూర్చి మాడ్రిడ్‌లో ఒక పుస్తకము ప్రకటించి, అందు ఆ చేతి అక్షరములను అందముగా చెక్కించి అచ్చువేయించెను. అన్నియు ఒంటిచేతి అక్షరములే. ఇవే తరువాత ఫ్రాన్సు దేశమునకు పోయి పారిస్‌లోని బధిర పాఠశాలలో చేరినవి. అచ్చటినుండి పిమ్మట అమెరికాకు చేరినవి.

ఆ భాషలో అక్షరములు ఇరువది పైచిలుకు మాత్రమే యగుటవలన ఈ పని సుకరమైనది. మన గుణింతములకును ఒత్తులకును ఒక్కొక్క భంగిమ కల్పింపవలసివచ్చినచో పది వ్రేళ్ళును చాలవేమో!

వ్రేలి అక్షరములు వేఱు, సంజ్ఞాభాష వేఱు. పుట్టుచెవిటివారు తమలో తాము మాటలాడుకొను సంజ్ఞాభాషకు దాని వ్యాకరణము దానికి కలదు. అది నోటిభాషకు అనువాదము కాదు. వ్రేలి అక్షరములో, నోటిభాషలోని పదమునే అక్షరము వెంట అక్షరముగా గాలిలో వ్రాయుదురు. భాష ముందే తెలిసి వినికిడి మాత్రము పోయినవానికి ఇది దగ్గరి దారి. గోయా పట్టుకొన్నది ఈ దారినే.

ఇందు ఒక చిక్కు కలదు. చెవిటివాడు ఒక్కడు నేర్చినంత మాత్రమున ఈ విద్య పనికిరాదు. వినిపింపవలసినవాడు ఎదుటివాడు. అందుచేత వ్రేళ్ళు కదలింపవలసినవాడును ఎదుటివాడే. చెవిటివాడు చూచి చదువుకొనును. కావున మిత్రులు, అధికారులు, శిష్యులు అందఱును అతని కొఱకై క్రొత్తగా అక్షరాభ్యాసము చేయవలెను. ఎందఱు చేయుదురు? పరిషత్తులో ఆయనకు ఎదురైన కష్టమిదియే. 1795లో బావమరది మరణించిన పిమ్మట గోయాను చిత్రలేఖన శాఖకు అధ్యక్షునిగా నియమించిరి. విద్యార్థులు ప్రశ్నలడిగినను, బిగ్గరగా కేకవేసినను ఆయనకు వినబడదు. రెండేండ్లు ఎట్లో నెట్టుకొని వచ్చి 1797లో ఆయన ఆ పదవిని వదలుకొనెను. కోరి సంపాదించిన గౌరవమును చెవుడు కారణముగా విడుచుకొనుట ఆయనకు ఎంత బాధాకరమైయుండునో ఊహింపవచ్చును. 1804లో పరిషత్తుకు ప్రధానాధ్యక్షుడగుటకు మరల ప్రయత్నించి, ఎన్నికలో ఓడిపోయెను.

కాని నేర్చినవారును లేకపోలేదు. 18వ శతాబ్ది చివరి సంవత్సరములలో గోయా సపతేర్‌కు వ్రాసిన ఒక జాబులో ఒక చిన్న సంగతి కలదు. రాజ్యమున ముఖ్యుడైన ఒక మంత్రి ఆయనను తన బండిలో ఎక్కించుకొని షికారు తిప్పెను. చలిగానున్నదని, పైఅంగీ విప్పకుండగనే భోజనమునకు కూర్చుండనిచ్చెను. అన్నిటికంటె మించి, ఆ మంత్రి చేతులతో మాటలాడుట నేర్చుకొనియుండెను. గోయాతో మాటలాడుటకై భోజనము నడుమ ఆపివేయుచుండెను. ఒక చేత చెంచా పట్టుకొని అక్షరములు చూపుట కష్టము గదా! రాజు ఇచ్చిన బిరుదులను గూర్చి వ్రాసినప్పుడు సైతము గోయా ఇంత సంబరపడియుండడని తోచుచున్నది.

ఈ నిశ్శబ్ద కాలముననే గోయా చిత్రకళ మారిపోయినది. జబ్బు నుండి తేరుకొనుచునే రేకులమీద చిన్నచిన్న చిత్రములు వ్రాసి, 1794 ఆరంభమున పరిషత్తునకు పంపెను. ఒకరి ఆజ్ఞకు లోబడక, తన మనస్సునకు తోచినవి వ్రాసితినని వానిని గూర్చి తెలియజేసెను. 1798లో మాడ్రిడ్‌లోని సాన్ ఆంతోనియో దె లా ఫ్లోరిదా అను చిన్న దేవాలయపు గోపురము లోపలి భాగమున చిత్రములు రచించెను. హత్యానేరము మోపబడిన తన తండ్రిని రక్షించుటకై సెయింట్ ఆంతోనీ చచ్చినవానిని లేపి సాక్ష్యము చెప్పించిన కథ అందున్నది. చుట్టును కటకటాలకు ఆనుకొని జనము మూగియున్నారు. కొందఱు చేతులు చాచిరి, కొందఱు నోళ్ళు తెఱచిరి, కొందఱు ప్రక్కవారితో ముచ్చటించుచున్నారు, పిల్లలు కటకటాల మీదికెక్కుచున్నారు. చచ్చినవాడు ఏమి చెప్పుచున్నాడో ఆ గుంపులో సగముమందికి పట్టలేదు! మనుష్యుల ముఖములను, చేతులను అంత నిశితముగా చూచుట ఆయనకు చెవుడు నేర్పినదని పలువురు చెప్పుదురు. ఆ మాట కొంతవఱకే నిజము. జబ్బునకు పూర్వమే ఆయన కన్ను చురుకైనది.

1799లో సంఘములోని మూఢత్వమును ఎత్తిపొడుచు ఎనుబది ముద్రాచిత్రముల సంపుటమును ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆస్థానమున ప్రథమ చిత్రకారుడయ్యెను. 1805లో మాడ్రిడ్‌లో రాజు పోషణతో బధిరులకు పాఠశాల యేర్పడెను. సరగోసాలోనే పుట్టిన రోబెర్తో ప్రాదెస్ అను చెవిటి ముద్రాచిత్రకారుడు అందు చిత్రలేఖనము బోధించెను. చెవిటివాడు ఉపాధ్యాయుడగుట ఆ దేశమున క్రొత్త విషయము.

1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించెను. ఫిరంగుల మ్రోత గోయాకు వినబడలేదు. వీథులలోని శవములు మాత్రము కనబడెను. ఆ ఘోరములను చూపు 82 ముద్రాచిత్రములు ఆయన జీవితకాలమున వెలుగు చూడలేదు, వానిలో 80 చిత్రములు 1863లో ప్రకటింపబడెను. 1812లో భార్య హోసెఫా మరణించెను. కన్న బిడ్డలలో హావియేర్ అను కుమారు డొక్కడే మిగిలెను. ఆ 1812వ సంవత్సరమే తేదీగా గల ఒక పటము గోయా పేర నిలిచియున్నది. అందు యుద్ధము లేదు, మరణము లేదు. వ్రేలి అక్షరములు చూపు చేతులు వరుసగా చిత్రింపబడియున్నవి. చెవుడు వచ్చి అప్పటికి దాదాపు ఇరువదియేండ్లు. తనకు బాగుగా వచ్చిన అక్షరములను ఆయన మరల వ్రాసి చూపినది, బహుశః ఇతరులు నేర్చుటకే కావచ్చును.

1819లో మాడ్రిడ్ వెలుపల ఒక ఇల్లు కొనెను. దానిని చెవిటివాని తోట యని పిలుచుచుండిరి. ఆ పేరు గోయావలన వచ్చినది కాదు. వెనుకటి యజమాని ఒకడు చెవిటివాడట. ఆ ఇంటి గోడలమీద ఆయన తనకొఱకే నల్లని, భయంకరమైన పదునాలుగు చిత్రములు వ్రాసికొనెను. అవి తరువాత గోడల నుండి తీయబడి మాడ్రిడ్‌లోని ప్రాదో ప్రదర్శనశాలకు చేరినవి.

1824లో, స్వదేశమున నిరంకుశ ప్రభుత్వమునకు జంకి, డెబ్బదియెనిమిదవ యేట గోయా ఫ్రాన్సులోని బోర్దో నగరమునకు వలసపోయెను. ముదుసలి, చెవిటి, ఫ్రెంచి మాట ఒక్కటియు రానివాడు వచ్చినాడని, అయినను లోకము చూడవలెనను ఉత్సాహము తగ్గలేదని అచ్చటి మిత్రుడు మొరాతిన్ వ్రాసియున్నాడు. పారిస్ బధిరులు వాడు వ్రేలి అక్షరములు స్పెయిన్ నుండి వచ్చినవే. కాని అక్షరము తెలిసినంతమాత్రమున భాష రాదు. అందుచేత ఆయన సంభాషణ చాలవఱకు తనవంటి ప్రవాసులైన స్పెయిన్‌వారితోనే సాగెను. అక్కడ రాతి అచ్చు పని సాగించి, రాతి పలకను చిత్రకారుని పటమువలె నిలువబెట్టి, భూతద్దము చేతబట్టి, 1825లో ఎద్దులపోరు చిత్రములు నాలుగు వెలువరించెను. రెండు కఱ్ఱల ఊతతో నడచు తెల్లగడ్డపు వృద్ధుని బొమ్మ యొకటి ఆ కాలమున గీసి, తానింకను నేర్చుకొనుచున్నానను అర్థము వచ్చు మాటలు దానిపై వ్రాసెను.

1828వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బోర్దోలోనే గోయా కన్నుమూసెను. ఆయన అస్థికలను 1899లో స్వదేశమునకు తెచ్చి, 1919లో ఫ్లోరిదా దేవాలయమున, ఆయన వ్రాసిన ఆ గోపురము క్రిందనే నిక్షేపించిరి.