మహాకవి గురజాడ - ఒక గుమాస్తా బాకీ

మన సంఘం ప్రత్యేక సంచిక కొరకు బడి రోజుల్లో చదివిన తెలుగు పాఠాలను గురించి, ఆ పాఠాలు రాసిన పెద్దలను గురించి ఏదైనా రాసి పంపవలసిందిగా కార్యవర్గం వారు కోరినారు. ముప్పై ఏడేళ్లు నోట్ ఫైళ్లు, డ్రాఫ్టులు, రిమైండర్లు తప్ప మరొకటి రాసి ఎరుగని వాణ్ణి. అయినా డెబ్భై అయిదేళ్ల ఈ వయసులో గురజాడ అప్పారావు గారిని గురించి నాలుగు మాటలు రాయకపోతే ఒక బాకీ మిగిలిపోతుందని కలం పట్టినాను. ఆ బాకీ ఏమిటో చివర మనవి చేస్తాను.

మాది సారంగాపూర్. నేను చదువుకునే నాటికి కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు నుండి జగిత్యాల జిల్లా. శివరాత్రికి దుబ్బ రాజన్న జాతరకు వచ్చినవారికి మా ప్రాంతం తెలిసే ఉంటుంది. మా బాపు నైజాం కాలం మనిషి. ఆయన చదివిన నాలుగు తరగతులూ ఉర్దూలోనే. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఉర్దూ, కచేరీలో కాగితం ఉర్దూ. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసిన తరువాత బడులు మెల్లగా తెలుగులోకి మారినవి. నేను 1950లో పుట్టినందువల్ల మొదటి నుండీ తెలుగులో చదువుకునే భాగ్యం దక్కింది. బాపుకు అది పెద్ద సంబరం. నేను దీపం ముందర పాఠం చదువుతుంటే, సగం అర్థం కాకపోయినా పక్కన కూర్చుండి వినేవాడు. తెలుగువాడికి తెలుగు పాఠం సగమే ఎందుకు అర్థమయ్యేదో అప్పుడు నాకు తోచలేదు.

పై తరగతులకు ఊరు విడిచి వేరేచోట హైస్కూల్లో చేరినాను. ఎనిమిదో తరగతిలో ఒకనాడు మా ఊరి సేద్యం మీద వ్యాసం రాయమన్నారు. బాపు పొద్దుగాల లేచి బాయి కాడికి పోయిండు అని మొదలుపెట్టి, మోట గురించి, ఎడ్ల గురించి, మడికి నీళ్లు పారే తీరు గురించి రెండు పేజీలు రాసినాను. సారు ఆ రెండు పేజీల మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, ఇది మోటుభాష అని చెప్పి, తరగతిలో అందరి ముందు పైకి చదివి వినిపించినారు. పిల్లలంతా నవ్వినారు. నవ్విన వాళ్ల ఇండ్లలోనూ అదే భాష. ఆ నోటుబుక్కు ఇంటికి తెచ్చినాను కాని బాపుకు చూపలేదు.

మరుసటి ఏడు ఇంకొక తెలుగు సారు వచ్చినారు. ఆయన పాఠ్యపుస్తకంతో ఆగే మనిషి కాదు. తన సంచిలో నుండి పుస్తకాలు తీసి చదివి వినిపించేవారు. గురజాడ వారి పూర్ణమ్మ గేయం, దిద్దుబాటు కథ, కన్యాశుల్కం నాటకంలో కొన్ని ఘట్టాలు ఆ విధంగా ఒకే సంవత్సరంలో మా చెవిన పడ్డాయి. పూర్ణమ్మను ముసలివాడికి ఇచ్చి చేసిన కథ విన్ననాడు తరగతిలో చప్పుడు లేదు. గిరీశం మాటలు విన్ననాడు నవ్వలేక చచ్చినాము. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఈ నాటకంలో అందరూ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు, అది అచ్చు కూడా అయింది, మరి నా వ్యాసం ఎందుకు కొట్టివేసినారు అని లేచి అడిగినాను. సారు కొంతసేపు ఊరకున్నారు. తరువాత, ఈ నాటకం రాసినాయన కూడా ఇదే ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయాన్ని అడిగినాడని, అడిగి ఓడిపోయినాడని చెప్పినారు. ఆ సాయంత్రం నుండి ఆ మనిషి జీవితం తెలుసుకోవాలనే ఆశ నన్ను వదలలేదు. ఉద్యోగంలో ఉండగా తీరిక చిక్కినప్పుడల్లా చదివి తెలుసుకున్నది ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న విశాఖ మండలంలోని రాయవరంలో, మేనమామ గారింట పుట్టినారు. తండ్రి వెంకట రామదాసు గారు, తల్లి కౌసల్యమ్మ గారు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తరువాత చదువంతా విజయనగరంలో. అక్కడ కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆ పేద విద్యార్థిని తన ఇంట ఉంచుకొని భోజనం పెట్టి చదివించినారు. అదే బడిలో గిడుగు రామమూర్తి గారు సహాధ్యాయి. ఆ బాల్యస్నేహమే తరువాత తెలుగు భాషకు పెద్ద అండ అయింది.

1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. అయినవి. వెంటనే మహారాజా హైస్కూలులో పాతిక రూపాయల జీతం మీద ఉపాధ్యాయులైనారు. 1886లో బి.ఏ. పూర్తి చేసినారు. మన సభ్యులకు సంతోషం కలిగించే సంగతి ఒకటున్నది. ఆ దినాల్లో ఆయన కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కుగా పని చేసినారు. అంటే ఫైలు వాసన ఎరిగిన మనిషే. 1887 నాటికి కాలేజీ అధ్యాపకులైనారు. ఆనంద గజపతి మహారాజు ఆదరణ లభించి, 1891లో సంస్థానంలో శాసన పరిశోధకులుగా నియమితులైనారు.

మొదట ఆయన ఇంగ్లీషులో పద్యాలు రాసేవారు. 1883లో రాసిన సారంగధర కావ్యాన్ని కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ గారు మెచ్చుకొని, పరాయి భాషలో ఎంత బాగా రాసినా దొరకని పేరు సొంత భాషలో దొరుకుతుందని హితవు చెప్పినారు. ఆ సలహా విన్నందువల్లనే మనకు గురజాడ దక్కినారు.

కన్యాశుల్కం పుట్టుక వెనుక ఒక సర్కారు జాబితా ఉన్నదని చాలామందికి తెలియదు. డబ్బు తీసుకొని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారం ఎంతవరకు ఉన్నదో లెక్క తీయమని మహారాజు ఆజ్ఞాపించినారు. విశాఖ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల కాలానికి 1,034 వివాహాలు ఆ లెక్కలో తేలినవి. పెండ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు, మూడేళ్లవాళ్లు, చివరకు ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. రిజిస్టర్లు రాసినవాళ్లం మనమందరం. అటువంటి పట్టికలు ఎన్ని మన చేతుల మీదుగా పోలేదు! చివర మొత్తం వేసి, సంతకం చేసి, పై అధికారికి పంపి ఊరకున్నాము. అప్పారావు గారు ఆ అంకెల వెనుక ఉన్న ఆడపిల్లల ముఖాలు చూడగలిగినారు. నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శించబడి, 1897లో అచ్చయింది. 1909లో దాన్ని సమూలంగా తిరగరాసి పెద్దది చేసినారు. నేడు మనం చదివేది ఆ రెండవ కూర్పే. 1955లో ఎన్.టి. రామారావు, సావిత్రి నటించిన సినిమా వల్ల చదువు రానివారికి కూడా గిరీశం, మధురవాణి పరిచయమైనారు.

1897లోనే ఆనంద గజపతి మహారాజు చనిపోయినారు. అప్పటి నుండి అప్పారావు గారు మహారాజు సోదరి రీవా మహారాణి వద్ద కార్యదర్శిగా ఉంటూ సంస్థానం వారసత్వపు దావాలో ఏళ్ల తరబడి తలమునకలైనారు. ఆరోగ్యం ఎన్నడూ అంతంతమాత్రమే. అయినా 1910లో, ఆ దావా కాగితాల మధ్యనే, తెలుగు కవిత్వానికి కొత్త నడక నేర్పిన ముత్యాల సరాలు, దిద్దుబాటు కథ వెలువడినవి. దిద్దుబాటును చాలాకాలం తెలుగులో మొదటి ఆధునిక కథగా లెక్కించినారు. అంతకంటే ముందు 1902లోనే భండారు అచ్చమాంబ గారు కథ రాసినారని తరువాతి పరిశోధకులు చూపినారు. ఆ మాట చెప్పినందువల్ల గురజాడ వారికి తక్కువేమీ లేదు. కోప్పడకుండా, నీతులు వల్లించకుండా భార్య భర్తను దిద్దుకున్న ఆ కథ నేటికీ వాడిపోలేదు.

ఇక మా సారు చెప్పిన ఓటమి సంగతి. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ దొరకు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఒకటి ఎందుకున్నదని సందేహం వచ్చింది. దానికి జవాబు చెప్పినవారు గిడుగు, గురజాడ. 1911లో అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యులైనారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం పాత కావ్యభాషలో గాని, నేటి వాడుక భాషలో గాని రాయవచ్చని 1912-13లో ఉత్తర్వు వచ్చింది. పండితులు ఊరకుంటారా? జయంతి రామయ్య పంతులు గారు మొదలైనవారు గట్టిగా ఎదురు తిరిగినారు. విశ్వవిద్యాలయం కమిటీలోనూ వారి పక్షానిదే పైచేయి అయింది.

1913లో అప్పారావు గారు పదవీ విరమణ చేసినారు. ఒంట్లో బాగులేదు. ఇంట్లో కూర్చుండి విశ్రాంతి తీసుకుంటే కాదనేవారు లేరు. కాని 1914లో ఆయన కమిటీ నిర్ణయానికి అసమ్మతి తెలుపుతూ ఇంగ్లీషులో ఒక పత్రం రాసినారు. పత్రం అనుకుంటే ఒకటి రెండు పేజీలు కాదు, ఒక గ్రంథమంత. పాత భాష నేర్పే పండితులే అది తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని, మరి పిల్లలు దానితో కుస్తీ పట్టి పరీక్ష తప్పడం ఏమి న్యాయమని ఉదాహరణలతో వాదించినారు. ఫలితం లేకపోయింది. ఇచ్చిన వెసులుబాటు కూడా పోయింది. 1915 నవంబరు 30న, యాభై మూడేళ్ల వయసులో ఆయన కన్ను మూసినారు. అంటే ఓడిపోయిన మనిషిగానే పోయినారు. గిడుగు వారు 1940లో పోయేదాకా ఆ పోరు సాగించినారు. బడుల్లో, కాలేజీల్లో వాడుక భాష పూర్తిగా నిలదొక్కుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఒక మాట దాచకుండా చెప్పాలె. వారు కోరిన వాడుక భాష చదువుకున్నవారి వాడుక. మా మోటబాయి కాడి భాష కాదు. దానికోసం మళ్లీ కాళోజీ వంటివారు గొంతెత్తవలసి వచ్చింది. అయినా తలుపు మొదట తట్టినవారు వాళ్లే. కన్యాశుల్కంలో ఎవరి నోటి మాట వారికే ఉంచిన మనిషి మా మాటను మోటని కొట్టివేసేవాడు కాదని నా నమ్మకం.

ఇప్పుడు నా బాకీ. 1966లో అధికార భాషా చట్టం వచ్చి కచేరీల్లో తెలుగు కాగితాలు మొదలైన తరువాత, 1971లో నేను ఉద్యోగంలో చేరినాను. చేరిన కొత్తలో ఒక ముసలి రైతు భూమి విరాసత్ కోసం దరఖాస్తు తెచ్చినాడు. బడికి పోయే మనవడు రాసి ఇచ్చినాడట. మా తాత ఇట్లా చెప్పిండు అని మొదలైంది. ఏ వాగు పక్కన, ఎవరి గట్టు ఆనుకొని, అన్నదమ్ముల్లో ఎవరు పోయిండ్రు, ఎవరున్నరు అన్నీ ఉన్నవి. నేను అది సరిగ్గా చదవనైనా లేదు. ఇది దరఖాస్తు భాష కాదు, బయట చెట్టుకింద రాసేవాని దగ్గర రాయించుకొని రమ్మని తిప్పి పంపినాను. ఆయన పైసలిచ్చి రాయించుకొని మరునాడు వచ్చినాడు. ఆ కొత్త కాగితంలో దండాలు, ప్రార్థనలు నిండుగా ఉన్నవి. గట్టు వివరం లేదు, అన్నదమ్ముల వివరం లేదు. వివరాలు చాలవని ఫైలు పైనుండి తిరిగి వచ్చింది. ఆయన పని నెలల తరబడి ఆగింది. వచ్చినప్పుడల్లా నాకు దండం పెట్టేవాడే గాని ఒక్క మాట అనలేదు.

చాలా ఏళ్లకు ఆ అసమ్మతి పత్రం సంగతి చదువుతుండగా ఆ ముసలాయన జ్ఞాపకం వచ్చినాడు. ఎనిమిదో తరగతిలో నా పేజీల మీద పడిన ఎర్రగీతను నేనే మరొకరి కాగితం మీద గీసినానని అప్పుడు తెలిసింది. అప్పటికి ఆయన లేడు. ఆ తరువాత ఉన్నన్ని దినాలు, ఎవరు ఏ భాషలో రాసి తెచ్చినా కాగితం తీసుకొని, కావలసిన వివరం నేనే అడిగి పక్కన రాసుకునేవాణ్ణి. అసలు బాకీ అట్లనే ఉన్నది, వడ్డీ మాత్రం కట్టినాను.

మా మనవరాలు జగిత్యాలలో ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతున్నది. 2018 చట్టం పుణ్యమా అని తెలుగు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి. గైడు ముందర పెట్టుకొని జవాబులు బట్టీ పడుతుంటే, మొన్న సెలవుల్లో పూర్ణమ్మ కథ చదివి వినిపించినాను. విన్నంతసేపు కదలలేదు. దీని మీద నీకు తోచింది నీ మాటల్లోనే రాయమన్నాను. మార్కులు పోవా తాతా అని అడిగింది. ఇది పరీక్ష కాదు బిడ్డా, నా కోసం రాయమన్నాను. అర పేజీ రాసింది. అందులో మా అవ్వ మాటలు, మా ఊరి మాటలు నాలుగైదు ఉన్నవి. ఆ కాగితం నా పెన్షన్ పుస్తకంలో భద్రంగా పెట్టుకున్నాను.

మిత్రులారా, మన ఇండ్లలో కూడా చదువుకునే మనవలు, మనవరాండ్లు ఉన్నారు. మన దగ్గర ఇప్పుడు తీరికకు కొదవ లేదు. వారానికి ఒకనాడు వారిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక కథో, గేయమో, నాటకంలో ఒక రంగమో చదివి వినిపించండి. వాళ్లు తమ మాటల్లో ఏది రాసి తెచ్చినా, ఎర్రసిరా కలం మాత్రం తీయకండి.

ఇట్లు,
విశ్రాంత సీనియర్ అసిస్టెంటు,
సారంగాపూర్.