రెండేళ్లలో ఫస్ట్ క్లాస్ వచ్చింది, డిగ్రీ రాలేదు: కేంబ్రిడ్జి నుంచి పుదుచ్చేరి దాకా అరవిందుల చదువు కథ

డిగ్రీలో చేరి రెండేళ్లకే మానేస్తే చేతికి ఏమొస్తుంది? కొన్నేళ్ల కిందటి దాకా మార్కుల మెమోలు తప్ప ఏమీ వచ్చేవి కావు. ఇప్పుడు లెక్క మారింది. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 80 క్రెడిట్లు సంపాదించి, వేసవి సెలవుల్లో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు ఒకటి పూర్తిచేసినవారికి రెండేళ్లకే యూజీ డిప్లొమా ఇస్తారు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 కావాలి. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్. పుదుచ్చేరి పట్టణంలో డిగ్రీ చదివే పిల్లలైనా, అదే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న యానాం ప్రభుత్వ కళాశాల పిల్లలైనా ఇప్పుడు ఈ లెక్కలే వేసుకుంటున్నారు.

ఈ పట్టణంతో పేరు ముడిపడిపోయిన ఒక మనిషి, 130 ఏళ్ల కిందట, కేంబ్రిడ్జిలో సరిగ్గా రెండేళ్లు చదివారు. పరీక్షలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నారు. డిగ్రీ మాత్రం రాలేదు. ఆయనే అరవింద ఘోష్. యోగిగా, విప్లవకారుడిగా ఆయన గురించి తెలుగులో చాలానే వచ్చింది. ఆయన చదువు గురించి, చదువుకు కాగితానికి మధ్య ఆయన జీవితమంతా సాగిన పేచీ గురించి వచ్చింది తక్కువ.

కొడుకు కలెక్టర్ కావాలి

అరవిందులు 1872 ఆగస్టు 15న కలకత్తాలో పుట్టారు. తండ్రి కృష్ణధన్ ఘోష్ స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో వైద్యం చదివి వచ్చిన సివిల్ సర్జన్. పిల్లలకు భారతీయ వాసన కూడా తగలకూడదన్నది ఆయన పట్టుదల. ముగ్గురు కొడుకులను డార్జిలింగ్‌లోని లొరెటో కాన్వెంట్‌లో వేశారు. 1879లో ఇంగ్లండ్ తీసుకెళ్లి మాంచెస్టర్‌లో ఒక పాస్టరు కుటుంబానికి అప్పగించి వచ్చారు. అప్పటికి అరవిందులకు ఏడేళ్లు. తర్వాత లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్. గ్రీకు అక్కడే అబ్బింది. ఇంటి నుంచి డబ్బు సరిగా అందక అన్నదమ్ములు అర్ధాకలితో గడిపిన రోజులూ అక్కడే.

1890లో రెండు గెలుపులు ఒకేసారి వచ్చాయి. ఐసీఎస్ ప్రవేశ పరీక్షలో 11వ స్థానం వచ్చింది. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరేందుకు ఏడాదికి 80 పౌండ్ల స్కాలర్‌షిప్ అంతకు ముందే వచ్చి ఉంది. అంటే 18 ఏళ్ల కుర్రాడు ఒకవైపు ఐసీఎస్ ప్రొబేషనర్‌గా చట్టం, భారతీయ భాషలు, చరిత్ర చదవాలి. మరోవైపు స్కాలర్‌షిప్ నిలబెట్టుకోవడానికి గ్రీకు, లాటిన్ సాహిత్యాల్లో ట్రైపాస్ పరీక్షకు తయారు కావాలి. ప్రొబేషన్ రెండేళ్లే కాబట్టి ట్రైపాస్ మొదటి భాగాన్ని రెండో ఏడే, 1892లో, రాసేశారు. ఫస్ట్ క్లాస్ వచ్చింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. కేంబ్రిడ్జి డిగ్రీకి పరీక్ష పాసైతే చాలదు, ఇన్ని టర్ములు అక్కడ ఉండి చదవాలన్న నియమం కూడా ఉండేది. మొదటి భాగాన్ని మూడో ఏట పాసైతే బీఏ ఇచ్చేస్తారు. రెండో ఏటే పాసైనవారు ఆగి, నాలుగో ఏట రెండో భాగం కూడా రాయాలి. తొందరగా పాసైనవాడికే ఎక్కువ పని! ఆ రెండేళ్లు ఆగే స్తోమత ఆయనకు లేదు. దరఖాస్తు పెట్టుకుని ఉంటే డిగ్రీ వచ్చేదేమోగానీ, తానే పట్టించుకోలేదని ఆయన తర్వాతి కాలంలో రాసుకున్నారు. అధ్యాపక వృత్తిలోకి వెళ్లేవాడికే డిగ్రీతో పని అన్నది అప్పటి ఆయన లెక్క. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన చేసింది అధ్యాపక వృత్తే అనుకోండి, అది వేరే సంగతి.

ఐసీఎస్ కూడా నిలవలేదు. చదువుకు సంబంధించిన పరీక్షలన్నీ పాసయ్యారు, గుర్రపు స్వారీ పరీక్ష మిగిలింది. మళ్లీ మళ్లీ అవకాశం ఇచ్చినా వెళ్లలేదు. 1892 నవంబరులో ఆయన్ను తిరస్కరించారు. ఆ ఉద్యోగం ఇష్టం లేక కావాలనే తప్పించుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఏదైతేనేం, 20 ఏళ్ల వయసులో ఆయన దగ్గర కలెక్టర్ పదవీ లేదు, బీఏ పట్టా లేదు.

డిగ్రీ లేని ప్రొఫెసర్

ఆదుకున్నది పరిచయం. అప్పుడు లండన్‌లో ఉన్న బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కు జేమ్స్ కాటన్ అనే శ్రేయోభిలాషి ఈ కుర్రాడిని పరిచయం చేశారు. నెలకు 200 రూపాయల జీతంతో ఉద్యోగం ఖాయమైంది. ఐసీఎస్ స్థాయి మనిషి ఇంత చవకగా దొరికాడని మహారాజు సంబరపడ్డారట. 1893 ఫిబ్రవరిలో అరవిందులు బొంబాయిలో దిగారు. సర్వే సెటిల్మెంట్, స్టాంపులు, రెవెన్యూ ఇలా కొన్ని శాఖలు తిరిగాక బరోడా కాలేజీలో ఫ్రెంచి పాఠాలు చెప్పారు, ఆపైన ఇంగ్లిష్ ప్రొఫెసర్ అయ్యారు. వైస్ ప్రిన్సిపల్ దాకా వెళ్లారు. బెంగాలీ బాగా నేర్చుకున్నది, సంస్కృతం సొంతంగా పట్టుబట్టి చదివిందీ ఈ 13 ఏళ్లలోనే.

ఆ మనిషి ఇవాళ పుదుచ్చేరిలోని ఏ డిగ్రీ కాలేజీకి దరఖాస్తు చేసినా మొదటి వడపోతలోనే పోతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 55 శాతం మార్కులతో పీజీ, దానిపైన నెట్ లేదా పీహెచ్‌డీ ఉండాలి. కొత్త విధానంలో అయితే ఆయనకు యూజీ డిప్లొమా వచ్చేది, వేసవిలో వృత్తి కోర్సు చేసి ఉంటేనే. గుర్రపు స్వారీ లాంటిది పెట్టి ఉంటే అదీ డౌటే.

బరోడాలో ఉండగా, 1894లో, బొంబాయి పత్రిక 'ఇందుప్రకాశ్'లో బంకించంద్ర మీద వరుసగా వ్యాసాలు రాశారు. వాటిలో మన విశ్వవిద్యాలయ చదువును కడిగేశారు. బంకించంద్ర కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి 1858లో బీఏ పాసైన మొదటి ఇద్దరిలో ఒకరు. ఆ ఇద్దరూ ఒక పేపరులో తప్పితే గ్రేస్ మార్కులు కలిపి గట్టెక్కించారు. మన దేశంలో డిగ్రీ చరిత్ర గ్రేస్ మార్కులతో మొదలైందని చాలామందికి తెలియదు.

సర్కారు గుర్తింపు లేని కాలేజీ

1904లో కర్జన్ తెచ్చిన విశ్వవిద్యాలయాల చట్టం కాలేజీల అనుబంధం మీద ప్రభుత్వ పట్టు బిగించింది. మరుసటి ఏడు బెంగాల్ విభజన. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1905 అక్టోబరులో వచ్చిన కార్లైల్ సర్క్యులర్, విద్యార్థులను ఉద్యమంలోకి వెళ్లనిచ్చే స్కూళ్లకు, కాలేజీలకు గ్రాంట్లు, గుర్తింపు పోతాయని హెచ్చరించింది. సర్టిఫికెట్‌ను ఆయుధంగా వాడటం అంటే ఇదే. 1907లో రాజమండ్రిలో వందేమాతరం ఉద్యమం సమయంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావును ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టింది ఇలాంటి పట్టుతోనే.

గుర్తింపు తీసేస్తామంటే, గుర్తింపు అక్కర్లేని కాలేజీ పెట్టుకుంటామన్నది బెంగాల్ ఇచ్చిన జవాబు. సుబోధ్ మల్లిక్ లక్ష రూపాయలు ఇచ్చారు. 1906లో జాతీయ విద్యా పరిషత్ ఏర్పడింది. ఆ ఆగస్టులో బెంగాల్ నేషనల్ కాలేజీ మొదలైంది. బరోడాలో మంచి జీతం వదులుకుని వచ్చిన అరవిందులు దానికి తొలి ప్రిన్సిపల్. డిగ్రీ లేని మనిషి, డిగ్రీ ఇచ్చే అధికారం లేని కాలేజీ.

విచిత్రం ఏమిటంటే, ఇవాళ మనం లెక్కపెట్టే క్రెడిట్లకు మూలమైన కొలత కూడా సరిగ్గా ఆ కాలానిదే. అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ అధ్యాపకులకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టింది. ఏది అసలైన కాలేజీయో తేల్చుకోవడానికి, అందులో చేరే విద్యార్థి హైస్కూల్లో ఎన్ని గంటలు పాఠం విన్నాడో కొలిచే యూనిట్‌ను 1906 ప్రాంతంలో ఖాయం చేసింది. చదువును కూర్చున్న గంటలతో కొలిచే పద్ధతి పింఛను లెక్కల కోసం స్థిరపడి ప్రపంచమంతా పాకింది.

బెంగాల్ కాలేజీ ఎక్కువ కాలం నిలవలేదు. పాఠాలు, పరీక్షలు సొంతంగా పెట్టుకున్నా, ఆ సర్టిఫికెట్ పట్టుకుని వెళితే సర్కారు నౌకరీ రాదు. ఉద్యమ వేడి తగ్గాక తల్లిదండ్రులు పిల్లల్ని మళ్లీ పాత కాలేజీలకే పంపారు. వాళ్లను తప్పుపట్టలేం. అరవిందులైతే రాజద్రోహం కేసు మీద పడబోతుండగా, కాలేజీకి ఇబ్బంది కలగకూడదని 1907 ఆగస్టులోనే రాజీనామా చేశారు. చివరకు మిగిలింది సాంకేతిక విభాగం. అదే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం అయింది, డిగ్రీలతో సహా. మన దగ్గర మచిలీపట్నంలో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఈ గాలి తగిలి పుట్టినదే.

పుదుచ్చేరిలో వ్యాకరణం లేని పాఠాలు

1908 మే నెలలో అలీపూర్ బాంబు కేసులో అరెస్టు, ఏడాది జైలు, 1909 మేలో విడుదల. మళ్లీ అరెస్టు చేస్తారన్న కబురు అందగానే చందన్‌నగర్ మీదుగా ఓడెక్కి 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరిలో దిగారు. బ్రిటిష్ పోలీసుల అధికారం చెల్లని ఫ్రెంచి ఊరు. కోమటి చెట్టి వీధిలో శంకర చెట్టియార్ ఇంట్లో మొదట తలదాచుకున్నారు. సుబ్రహ్మణ్య భారతి అప్పటికే ఈ ఊళ్లో ప్రవాసంలో ఉన్నారు. బయట గూఢచారులు, ఇంట్లో చేతిలో పైసా ఆడని పరిస్థితి.

ఆ ఇంట్లో జరిగిన చదువే నా దృష్టిలో ఈ కథలో అసలు భాగం. అరవిందులతో ఉన్న కుర్రాళ్లలో నళినీకాంత గుప్త ఒకరు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో నాలుగో ఏడు చదువుతూ, డిగ్రీ చేతికి రాబోతుండగా వదిలేసి ఉద్యమంలోకి వచ్చి, అలీపూర్ కేసులో జైలుకు వెళ్లిన మనిషి. ఆయనకు అరవిందులు గ్రీకు నేర్పారు. అక్షరాలు, వ్యాకరణం, చిన్న వాక్యాలు అన్న మెట్లు ఏమీ లేవు. నేరుగా యూరిపిడీస్ నాటకం 'మెడియా' చేతికిచ్చి మొదలుపెట్టారు. లాటిన్ వర్జిల్‌తో, ఇటాలియన్ దాంతేతో. శిష్యుడు తడబడుతూ చదవడం, గురువు అవసరమైన చోటే అందుకోవడం. ఫుట్‌బాల్ ఆడి వచ్చి చదివే ఆ కుర్రాళ్లకు హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు. నళినీకాంత తర్వాత ఆశ్రమ కార్యదర్శి అయ్యారు, బెంగాలీలోనూ ఇంగ్లిష్‌లోనూ సంపుటాల కొద్దీ రాశారు.

అధ్యాపకుడు నేర్పేవాడు కాదు, దారి చూపేవాడు మాత్రమేనని, ఏం నేర్చుకోవాలో పిల్లవాడి మనసునే అడగాలని, తెలిసిన దాని నుంచి తెలియనిదానికి వెళ్లాలని 1910లోనే 'కర్మయోగిన్' పత్రికలో ఆయన రాసి ఉన్నారు. పుదుచ్చేరిలో ఆ మాట ఆచరణకు వచ్చింది. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. సెయింట్ పాల్స్, కింగ్స్ కాలేజీల కఠినమైన శిక్షణలో తేలిన గురువు, నాలుగేళ్ల కాలేజీ చదువున్న శిష్యుడు ఉన్నచోట ఈ పద్ధతి పనిచేసింది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు 'మెడియా' ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. డిగ్రీని పట్టించుకోకుండా ఉండగలగడం కూడా అరవిందులకు ఒక వెసులుబాటే. కింగ్స్ కాలేజీ పేరు, ఫస్ట్ క్లాస్ మాట మహారాజు దగ్గర డిగ్రీ చేయాల్సిన పని చేసిపెట్టాయి.

కట్టమంచి తెచ్చిన బహుమతి

1926 నవంబరు తర్వాత అరవిందులు ఏకాంతంలోకి వెళ్లారు. ఆశ్రమం బాధ్యత 'మదర్'గా పిలిచే మీరా అల్ఫాసా చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పిల్లలతో సహా కుటుంబాలు ఆశ్రమానికి వచ్చి చేరడంతో 1943 డిసెంబరు 2న ఆమె ఒక బడి మొదలుపెట్టారు. పిల్లలు ఇరవై మంది దాకా.

విశ్వవిద్యాలయాలు ఆయన్ను గుర్తుపెట్టుకున్న సందర్భం ఒకటి మన తెలుగు గడ్డ నుంచి వచ్చింది. బరోడా కాలేజీలో అరవిందులు ఖాళీ చేసిన వైస్ ప్రిన్సిపల్ కుర్చీలో కూర్చున్నది మన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి. ఆయనా కేంబ్రిడ్జిలో చదివినవారే. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా ఉన్న కట్టమంచి, డిసెంబరు 11 స్నాతకోత్సవంలో తన పేరిట ఉన్న జాతీయ బహుమతిని అరవిందులకు ప్రకటించారు. అరవిందులు వాల్తేరు రాలేదు, సందేశం పంపారు. భాషాప్రయుక్త రాష్ట్రాల వాదన రగులుతున్న రోజులవి. సహజమైన ప్రాంతీయ విభాగాలను ఆయన సమర్థిస్తూనే, దేశ ఐక్యత దెబ్బతినకూడదని అందులో హెచ్చరించారు. బహుమతి అందించడానికి కట్టమంచే పుదుచ్చేరి వెళ్లారు. బీఏ పట్టా లేని మనిషికి, వందల మందికి పట్టాలిచ్చే వేదిక మీద దక్కిన గౌరవం అది.

1950 డిసెంబరు 5న అరవిందులు కన్నుమూశారు. 1951 ఏప్రిల్‌లో పుదుచ్చేరిలో శ్యామాప్రసాద్ ముఖర్జీ అధ్యక్షతన జరిగిన స్మారక సభ ఒక అంతర్జాతీయ విశ్వవిద్యాలయం పెట్టాలని తీర్మానించింది. ముఖర్జీ అంతకు ముందు కలకత్తా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా చేసినవారే. 1952 జనవరి 6న అది మొదలైంది. కిండర్‌గార్టెన్ నుంచి ఉన్నత చదువు దాకా అక్కడే చదవొచ్చు. ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచి కూడా బోధన భాషే. పై తరగతుల విద్యార్థి ఏం చదవాలో అధ్యాపకులతో మాట్లాడి తానే ఎంచుకుంటాడు. చదువు ముగిశాక డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఇవ్వరు. అక్కడ పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసే చేర్చాలి, ఎందుకంటే బయట ఏ దరఖాస్తులోనైనా విద్యార్హత అన్న గడి దగ్గర ఆగాల్సి వస్తుంది.

1959లో ఆ సంస్థ పేరులోంచి విశ్వవిద్యాలయం అన్న మాట తీసేశారు. అప్పటి నుంచి అది శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యా కేంద్రం. 1985లో పార్లమెంటు చట్టంతో పుదుచ్చేరికి కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది, డిగ్రీలు అక్కడ ఇస్తున్నారు. విద్యా కేంద్రంలో ఇప్పటికీ ఇవ్వడం లేదు.