మద్రాసు హైకోర్టులో ప్రకాశం పంతులు గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు మహనీయులలో ఎవరి గురించి అయినా నాలుగు మాటలు వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు టంగుటూరి ప్రకాశం పంతులు గారిది. పోలీసు తుపాకీ ముందు రొమ్ము చూపిన ఆంధ్రకేసరి కథ మనకు కొత్త కాదు. మన మనుమలు కూడా బడిలో చదువుకున్నారు. నేను వ్రాయదలచినది అంతకు ఇరవై ఏళ్ల ముందటి సంగతి. అంటే ఆయన ఒక ఊళ్లో స్థిరపడి కూడా, ముప్పయి అయిదేళ్ల వయసులో మద్రాసు వెళ్లి వకీలు వృత్తిని మళ్లీ మొదటి నుంచి ఆరంభించిన సంగతి.

దీని మీద నాకు ఆసక్తి కలగటానికి కారణం ఒకటి ఉంది. 1983లో నన్ను రాజమండ్రి కోర్టు నుంచి డిప్యుటేషన్ మీద హైదరాబాదు హైకోర్టుకు పంపించారు. మూసీ ఒడ్డున ఆ పెద్ద భవనంలో ఏ వరండా ఎటు పోతుందో తెలియక మొదటి వారమంతా తిరిగిన చోటే తిరిగాను. భార్యాపిల్లలు రాజమండ్రిలో, నేను అద్దె గదిలో. ఆ దిగులులో మధ్యాహ్నం పూట లైబ్రరీలో కూర్చుని పాత మద్రాసు లా రిపోర్టులు తిరగవేసేవాణ్ణి. ఆ రోజుల రిపోర్టుల్లో ప్రతి కేసు దగ్గరా ఇరుపక్షాల వకీళ్ల పేర్లు వేస్తారు. అయ్యర్లు, అయ్యంగార్లు, నాయర్లు, దొరల పేర్ల నడుమ ఒకచోట టి. ప్రకాశం అని కనబడింది. ఎవరో ఊరివాడు ఎదురుపడ్డట్టు అనిపించింది. తరువాత ఆ పేరు కోసమే వెదికేవాణ్ణి.

పంతులు గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య గారు పంతులు గారి పదకొండో ఏటనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టిందని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు అనే మాస్టారు ఈ పిల్లవాణ్ణి చేరదీసి చదివించి, తాను రాజమండ్రి వెళ్లినప్పుడు వెంట తీసుకువెళ్లారు. ఆ నాయుడు గారికి నాటకాల పిచ్చి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానంలో ప్రకాశం గారు అర్జునుడి వేషం కట్టారు. ఆడవేషాలు కూడా వేశారు. తరువాతి రోజుల్లో కోర్టు హాలు దద్దరిల్లేట్టు మాట్లాడిన ఆ గొంతు నాటకాల పందిళ్లలోనే సానబడి ఉంటుందని నా ఊహ.

మద్రాసులో లా చదివి సెకండ్ గ్రేడ్ ప్లీడరై, కొద్దికాలం ఒంగోలులోను, తరువాత రాజమండ్రిలోను ప్రాక్టీసు పెట్టారు. రాజమండ్రిలో ఆయనకు బాగా కలిసివచ్చింది. ముప్పయి దాటిన కొద్దికాలానికే మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. పూటకూళ్లమ్మ కొడుకుకు ఇంతకంటె ఏం కావాలి అని ఎవరైనా అనుకుంటారు. కాని సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో నిలబడి వాదించే అర్హత లేదు. కింది కోర్టులో తాను గెలిచిన దావా అప్పీలుకు వెళితే అక్కడ మరొకరు వాదించవలసిందే. ఆ లోటు ఆయనను నిలవనీయలేదు. ఒక బారిస్టరు సలహా మీద 1904లో పేరునూ ప్రాక్టీసునూ వదలి లండను ప్రయాణం కట్టారు. మాంసం, మద్యం, పొగాకు ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లారు. అక్కడ చదువుతూనే దాదాభాయి నౌరోజీ గారి పార్లమెంటు ఎన్నికలకు పని చేశారు. ప్రశంసాపత్రంతో బారిస్టరు పరీక్ష ముగించుకుని 1907లో తిరిగి వచ్చారు.

ఇక్కడ ఒక దారి చీలింది. రాజమండ్రి వెళ్లి ఉంటే, విలాయతీ బారిస్టరు వచ్చాడని ఊరు ఊరంతా ఎదురేగేది. పాత కక్షిదారులు గుమ్మంలో నిలబడి ఉండేవారు. ఆయన మాత్రం మద్రాసులో ఆగిపోయారు.

ఆ మద్రాసు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. హైకోర్టు 1862లో ఏర్పడింది. ఇప్పుడు మనం చూసే ఎర్ర భవనం 1892 నాటిది. ఓడలకు దారి చూపే దీపాన్ని 1894 నుంచి 1977 దాకా దాని గోపురం మీదే వెలిగించారు. పంతులు గారు రావటానికి కొద్ది నెలల ముందే, 1906 అక్టోబరులో, ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసింది. జీతాలలో మిగుల్చుకుని అందులో దాచుకున్న ఉద్యోగస్తులు, వితంతువులు వీధిన పడ్డారు. పింఛనుదార్లకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. నగరమంతా ఆ గోలలోనే ఉంది. బారులో పేరుమోసినవారు చాలావరకు తమిళులు, కొందరు దొరలు. నగరపు దావాలు విచారించే ఒరిజినల్ సైడులో బారిస్టరుకు కేసు రావాలంటే సాధారణంగా అటార్నీ కంపెనీలు పంపాలి. కొత్తగా వచ్చిన తెలుగువాణ్ణి పిలిచి కేసు చేతిలో పెట్టేవారెవరు? ఛైర్మన్ గిరీ చేసిన మనిషి జూనియర్ల నడుమ కూర్చుని వంతు కోసం కనిపెట్టుకుని ఉండవలసిన స్థితి.

అటువంటప్పుడు ఎవరైనా ఒద్దికగా, ఎవరి కంటా పడకుండా నడుచుకుంటారు. పంతులు గారు చేసినది వేరు. 1907లోనే వందేమాతరం ఉద్యమం వేడిలో బిపిన్ చంద్రపాల్ గారు మద్రాసు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. సర్కారుకు కోపం వస్తుందని పెద్దలు వెనుకాడినప్పుడు, అధ్యక్షత వహించటానికి ఈయన ముందుకు వచ్చారు. బోర్డు కట్టి ఏడాది నిండని బారిస్టరు చేయదగిన పని కాదది. నేనైతే చేసి ఉండేవాణ్ణి కాదు.

అయినా ప్రాక్టీసు పెరిగింది. ఎలా పెరిగిందన్నది మన కోర్టు ఉద్యోగులకు త్వరగా బోధపడుతుంది. అప్పట్లో గంజాం నుంచి చిత్తూరు దాకా తెలుగు జిల్లాల అప్పీళ్లన్నీ మద్రాసుకే పోవాలి. దస్తావేజులు, కరణాల లెక్కలు, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి. వాటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, అచ్చు వేసి జడ్జీల ముందు పెట్టేవారు. తర్జుమాలో ఒక మాట జారితే పొలం గట్టు జారినట్టే. అసలు కాగితం చూసి, ఆ యాస విని, పల్లెలో తగాదా ఎక్కడ పుట్టిందో పట్టుకోగల బారిస్టరు దొరకటం గోదావరి రైతుకు ఎంత ధైర్యమో ఆలోచించండి. రాత్రి రైలెక్కి తెల్లవారి మద్రాసులో దిగి, తెలుగులో గోడు చెప్పుకోవచ్చు. రాజమండ్రిలో సంపాదించిన పరిచయాలు ఇలా మద్రాసులో అక్కరకు వచ్చాయని నా అభిప్రాయం.

క్రిమినల్ కేసులలో ముఖ్యంగా చెప్పుకోవలసినది ఆష్ హత్య కేసు. 1911 జూన్ 17న తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొరను మణియాచ్చి రైలు స్టేషనులో వాంచినాథన్ అనే యువకుడు కాల్చి, తానూ కాల్చుకుని చనిపోయాడు. కుట్ర నేరం మీద పద్నాలుగు మందిని హైకోర్టులో విచారించారు. అటువంటి కేసులో ముద్దాయిల తరఫున నిలిచిన వకీళ్లలో ప్రకాశం గారు ఒకరు. లా టైమ్స్ అనే న్యాయపత్రికకు కూడా ఆయన సంపాదకత్వం వహించారు. పదేళ్లు తిరిగేసరికి మద్రాసు బారులో ఆయన పేరు తెలియనివారు లేరు. ఆర్జన కూడా దానికి తగ్గట్టే ఉండేది.

అంత కష్టపడి సంపాదించుకున్న దానిని 1921లో వదిలేశారు. గాంధీగారి పిలుపు మీద కోర్టు మానివేసి, ఆ ఏడే స్వరాజ్య పత్రిక పెట్టారు. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. పత్రిక ఇంగ్లీషులో మొదలై తరువాత తెలుగు, తమిళాలలో కూడా వచ్చింది. ఖాసా సుబ్బారావు గారి వంటివారు అందులో పని చేశారు. ఆర్జించినదంతా దానికే పోసినా పత్రిక చివరికి నిలవలేదు. ఇది వివేకమా అని నన్నడిగితే, సంసారం గల మనిషిగా నేను గట్టిగా అవునని చెప్పలేను. ఇల్లు గడవాలి కదా. కాని ఆయన లెక్క వేరు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజున మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలో, పారీస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఒక యువకుడు మరణించాడు. అతణ్ణి చూడబోయిన పంతులు గారిని అడ్డగించినప్పుడే ఆ ప్రసిద్ధ ఘట్టం జరిగింది. పద్నాలుగేళ్లు కేసుల కట్టలతో వచ్చీ పోయీ తిరిగిన దారే అది.

తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. 1937లో రెవిన్యూ మంత్రి, 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసు రాష్ట్ర ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి. ఆ మంత్రివర్గం 1954 నవంబరులోనే పడిపోయింది. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసేనాటికి ఆయన దగ్గర చెప్పుకోదగిన ఆస్తి లేదు.

అయితే ఆ కొద్దికాలపు ముఖ్యమంత్రిత్వంలో జరిగిన ఒక పని గురించి మన శాఖవారు వ్రాసుకోక తప్పదు. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమయింది. రాజమండ్రిలోనే పుట్టిన కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956లో అది హైదరాబాదుకు తరలింది. నేను దిగులుగా కూర్చున్న లైబ్రరీ ఆ హైకోర్టుదే. అప్పీలు కోసం మద్రాసు రైలెక్కవలసిన అవసరం 1954తోనే మన వాళ్లకు తీరిపోయింది. పంతులు గారి పేరున్న ఆ పాత సంపుటాలు మాత్రం నేను డిప్యుటేషన్ ముగించుకుని రాజమండ్రి తిరిగి వచ్చేనాటికి కిటికీ పక్కన అదే బీరువాలో ఉన్నాయి.