అణువుకు ఆకారమిచ్చిన వాన్ట్ హాఫ్

హైస్కూలుకు వెళ్ళే మన పిల్లలు కంప్యూటర్ తెరమీద అణువు బొమ్మను మౌస్‌తో తిప్పుతూ దాని సౌష్ఠవాన్ని, అంటే ఎటు తిప్పితే మళ్ళీ అలాగే కనబడుతుందో, నేర్చుకుంటున్నారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఆ పనిని అట్టముక్కలతో చేసిన ఒక యువకుని కథ ఈ ఏడు మీకు చెబుతున్నాము.

జేకబస్ వాన్ట్ హాఫ్ 1852 ఆగస్టు 30న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో జన్మించాడు. తండ్రి వైద్యుడు. అప్పట్లో రసాయన శాస్త్రజ్ఞులు అణువులను కాగితం మీద చదునుగా గీసేవారు. కాని ఒక చిక్కు వచ్చిపడింది. కండరాల నుండి తీసిన లాక్టిక్ ఆమ్లం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, ఒక పక్కకు తిప్పేది. పులిసిన పాల నుండి తీసినది తిప్పేది కాదు. రెండింటిలోనూ పరమాణువులు అవే, వాటి లెక్కా అదే. మరి తేడా ఎక్కడ?

1874లో, 22 ఏళ్ళ వయసులో, డాక్టరేట్ చేతికి రాకముందే, వాన్ట్ హాఫ్ ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. కార్బన్ పరమాణువు తన నాలుగు చేతులను చదునుగా కాక, నాలుగు త్రిభుజాలతో మూసిన చతుర్ముఖి మూలలవైపు చాస్తుందన్నాడు. ఆ చేతులకు నాలుగు వేరువేరు గుంపులు అతికితే అణువుకు కుడి, ఎడమ రూపాలు ఏర్పడతాయి. అవి చెప్పుల జత వంటివి. అద్దంలో ఒకదాని ప్రతిబింబం రెండవది, అయినా ఎడమ చెప్పు కుడికాలికి పట్టదు. పాల ఆమ్లంలో రెండు రూపాలూ సమానంగా కలిసి, కాంతిపై ఒకదాని ప్రభావాన్ని మరొకటి చెరిపేస్తాయి. అదే ఏడు ఫ్రాన్సులో ల బెల్ కూడా విడిగా ఇదే భావానికి వచ్చాడు.

మాటలు చాలవని వాన్ట్ హాఫ్ అట్టతో చిన్న చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపాడు. చేతిలో పట్టుకుని తిప్పి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది కదా! అయితే 1877లో లైప్‌జిగ్ ప్రొఫెసర్ కోల్బే, పశువైద్య పాఠశాలలో పనిచేసే కుర్రవాడి పగటికలలని అచ్చులోనే ఎగతాళి చేశాడు. వాన్ట్ హాఫ్ తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. 1878లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసరై, తొలి ఉపన్యాసానికి విజ్ఞానంలో ఊహాశక్తి అన్న అంశమే ఎంచుకున్నాడు. 200 మంది శాస్త్రజ్ఞుల జీవితాలు పరిశీలించి, గొప్పవారిలో ఊహాశక్తి మెండుగా ఉండేదని చూపాడు.

1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. అది ద్రావణాలపై, రసాయన చర్యల వేగంపై చేసిన కృషికి. 1911 మార్చి 1న బెర్లిన్ దగ్గర కన్నుమూశాడు.

చిన్నారులూ! రెండు చపాతీ పిండి ఉండలకు నాలుగేసి టూత్‌పిక్‌లు గుచ్చి, కొనలకు నాలుగు రంగుల పళ్ళముక్కలు పెట్టండి. ఒకటి రెండవదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి. ఎంత తిప్పినా రెండూ కలవవు. ఇప్పుడు ఒక్కొక్కదానిలో రెండు రంగులను ఒకటే చేయండి, ఇట్టే కలిసిపోతాయి! కంప్యూటర్ తెరమీద మీరు తిప్పేది ఈ బొమ్మనే.